వణకని అక్షరం

రెండువేల పన్నెండు, చైత్రమాసం. ఆ ఏడు ఉగాదికి ముందే ఎండలు ముదిరాయి. కరెంటు రోజుకు ఎనిమిది గంటలు పోయేది.

దుబ్బాకకు ఆరు మైళ్ళ దూరంలో నేతగాళ్ళ ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో అంబదాసు గురువు మఠం. మఠమంటే పెద్దగా ఏమీ లేదు. రేకుల షెడ్డు, అందులో ఒక మగ్గం, గోడకు ఒక తంబుర, పదిమంది కూర్చునే చాప. గురువుకు డెబ్బై రెండేళ్ళు. చేతులు వణకడం మొదలయ్యాక నేత మానుకున్నాడు గానీ, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం మానుకోలేదు. శిష్యులతో మాటలన్నీ అక్కడి నుంచే.

శిష్యుల్లో నాగభూషణం ఒక్కడికే కంప్యూటర్ పని వచ్చు. సిద్దిపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పన్నెండేళ్ళుగా డీటీపీ చేస్తున్నాడు. పెళ్ళి కార్డుల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా ఆ ప్రెస్సులో అచ్చయినవన్నీ అతని చేతి మీదుగా పోయినవే. భూషణం పని చేస్తుంటే వేళ్ళు కంటికి ఆనవని అక్కడివాళ్ళు అంటారు. ఆ మాట అతను గురువు దగ్గర కూడా నాలుగైదుసార్లు చెప్పుకున్నాడు.

ఆ చైత్రంలోనే మఠానికి ఒక చిన్న కంప్యూటర్ వచ్చింది. మఠానికి వచ్చిపోయే రిటైర్డ్ పోస్టుమాన్ ఒకాయన కొని, తువ్వాలలో చుట్టి తెచ్చాడు. అంగట్లో అన్నిటికంటే చవకది. పలకకంటే కాస్త పెద్దది. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఆయనే ఓపిగ్గా అంటించాడు.

భూషణం మూత తెరిచి బటన్ నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. అందరూ తెర వంకే చూస్తున్నారు.

"ఏం జేస్తున్నదిరా?" అన్నాడు గురువు.

"ఆలోచన జేస్తున్నదయ్యా." పోస్టుమాన్‌కు వినపడకుండా భూషణం గొంతు తగ్గించాడు. "గిది ఆడుకునే బొమ్మ. మా ప్రెస్సుల మిషన్ ఇట్ల ఒత్తంగనే అట్ల తెరుసుకుంటది. పేజీలు గట్టే సాఫ్ట్‌వేర్ దీంట్లకు ఎక్కనే ఎక్కది."

"రాస్తదా?"

"రాసుడంటె రాస్తది. రాసుడొక్కటే పనా అయ్యా?"

గురువు తలూపాడు. మిషన్‌ను మళ్ళీ తువ్వాలలో చుట్టి గూట్లో పెట్టించాడు.

మఠానికి కావలసింది ఒక పుస్తకం. అంబదాసుకు గురువు ఈరదాసు. ఆయన మగ్గం నేస్తూ కట్టిన తత్వాలు ఎక్కడా రాసి లేవు. అవి తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్క బాలవ్వే. ఎనభై దగ్గరపడిన మనిషి, రోజంతా రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. చదువు రాదు. చిన్ననాడు ఈరదాసు ఒక్కో తత్వం నేర్పి, అది నోటికి వచ్చాక ఒక చింతగింజ చేతిలో పెట్టేవాడట. ఆ గింజలన్నీ ఒక గుడ్డసంచిలో దాచుకుంది. పున్నమి పున్నమికీ సంచి విప్పి, గింజకొక తత్వం పాడి మళ్ళీ మూట కడుతుంది. అరవై ఒక్క గింజలు, అరవై ఒక్క తత్వాలు. పాడలేని తత్వానికి గింజ ఉంచుకుంటే అబద్ధమాడినట్టు అవుతుందని ఆమె పట్టింపు. అలాంటిదేమైనా వస్తే వేయడానికి పక్కన ఒక మట్టి గురిగి పెట్టుకుంది. అప్పటికి ఆ గురిగి ఖాళీ.

కార్తీక పున్నమికి ఈరదాసు ఆరాధన. ఆనాటికి తత్వాలు పుస్తకంగా రావాలని గురువు ఆశ. తన గురువుకు ఆయన ఇచ్చిన మాట అది. మఠంలో మిగతావాళ్ళ చదువు సంతకం దాకానే.

"బాలవ్వ దగ్గరికి పోరాదు భూషణం?" అన్నాడొక రోజు.

"ఆ మిషన్‌తోని మొదలువెడితే నడుమల్నే ఆగిపోతదయ్యా. జర ఓపిక పట్టుండ్రి. మంచి మిషన్ జూస్తున్న."

"అందాక నోటుబుక్కుల రాస్తే?"

"రాసుడు, మళ్ళ కొట్టుడు, డబుల్ పని. మంచి మిషన్ రానియ్యుండ్రి. అవ్వ పాడుతుంటది, నేను కొడుతుంట. వారం రోజుల్ల అయిపోతది."

ఫోన్‌లో ఒకసారి రికార్డు చేసి చూశాడు కూడా. పళ్ళు లేని నోరు, పక్కన రాట్నం. విన్నప్పుడు రాట్నం చప్పుడే మిగిలింది.

జ్యేష్ఠంలో భూషణానికి ఒక ఉపాయం తోచింది. పెద్ద మిషన్ మఠానికి రాకపోతే అవ్వనే మిషన్ దగ్గరికి తీసుకుపోవచ్చు కదా. ఆదివారం పూట బాలవ్వను బస్సెక్కించి సిద్దిపేట తీసుకుపోయాడు. ప్రెస్సులో ఏసీ గది, చక్రాల కుర్చీ. కుర్చీ కదిలినప్పుడల్లా ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"పాడు అవ్వా. నువ్వెంత జోరుగ పాడినా పరవా లేదు, మిషన్ అందుకుంటది."

ఆమె నోరు తెరిచింది. మొదటి చరణం సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. కుడిచెయ్యి మాత్రం గాలిలో గుండ్రంగా తిరుగుతోంది.

"రాట్నమేదిరా?"

"ఈడ రాట్నమెందుకవ్వా?"

"చెయ్యి తిరగకుంటె నోరు తిరగది కొడుకా. నాకు అట్లనే వచ్చింది, అట్లనే పోతది."

ప్రెస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. మధ్యాహ్నం రెండింటి బస్సుకు ఇద్దరూ తిరిగి వచ్చారు. బస్సు దిగి ఊళ్ళోకి నడవాల్సిన దూరం మైలుంబావు. మరునాటికి బాలవ్వ ఒళ్ళు పెనంలా కాలిపోయింది. వడదెబ్బ అన్నారు. పది రోజులు మంచం దిగలేదు.

లేచింది, మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది, కండెలు ఎప్పటిలాగే చుట్టింది. కానీ ఆ పున్నమికి సంచిలోంచి అయిదు గింజలు తీసి గురిగిలో వేసింది. తరువాతి పున్నమికి మరో ఆరు, శ్రావణ పున్నమికి ఇంకో మూడు.

ఈ సంగతి గురువు భూషణంతో అనలేదు. భూషణం కూడా అడగలేదు. మిషన్ కోసం మరింత గట్టిగా తిరగసాగాడు. శ్రావణం వెళ్ళిపోతుండగా ప్రెస్సు యజమాని మెత్తబడి, రెండేళ్ళ కిందటి పెద్ద మిషన్ ఒకటి మఠానికి ఇస్తానన్నాడు. ఆ కబురు మోసుకుని భూషణం ఆదివారం పొద్దున్నే ఊరికి వచ్చాడు.

మఠంలో ఎవరూ లేరు. మగ్గం గుంట ఖాళీగా ఉంది. గూట్లో తువ్వాల లేదు, మిషనూ లేదు.

బాలవ్వ ఇల్లు పక్క వాడలోనే. సందు మలుపులోనే రాట్నం చప్పుడు వినబడింది. అరుగు మీద ఆమె కండె చుడుతోంది. ఎదురుగా బోర్లించిన గంప మీద చిన్న మిషన్. దాని ముందు గురువు. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కటి చాచి మీటల మీద ఏదో వెతుకుతున్నాడు.

"అయ్యా! మిషన్ దొరికింది! పెద్దది. ఇన్వర్టర్ గూడ అడుగుతున్న. ఒక్క బటన్ ఒత్తితే..."

"ఆగు. 'బ' దొరుకుతలేదు."

భూషణం వంగి చూపించాడు. గురువు వేలు అటూ ఇటూ ఊగి, చివరికి మీటను అందుకుంది.

"దొరికింది" అన్నాడు పెద్ద పని అయినట్టు.

బాలవ్వ రాట్నం ఆపకుండానే అందుకుంది. "తొమ్మిది దినాలాయె కొడుకా. ఒక్క తత్వం అయ్యింది, రెండోది సగంల ఉన్నది. ఒక్కటే చరణం నూరుసార్లు పాడిస్తున్నడు. మొగ్గం మీద గింత మెల్లగ నేస్తుండి ఉంటె పెండ్లాం ఇంట్ల నుంచి ఎల్లగొడుతుండె."

"ఎల్లగొట్టింది గదక్కా, ఒకసారి" అన్నాడు గురువు తెర మీంచి చూపు తిప్పకుండా.

భూషణం తెర చూశాడు. 'నేసేటి చెయ్యేది, నేసిన బట్టేది' అని మొదలయింది. చాలాచోట్ల ఒత్తులు లేవు. ఒక మాట రెండుసార్లు పడింది.

"ఒత్తులు పెట్టుడు నాకు చేతగాలే" అన్నాడు గురువు. "నువ్వు పెడుదువని ఇడిశిపెట్టిన."

"మీరెందుకయ్యా ఇంత కష్టం? పెన్నుతోనన్నా రాసి ఉంచితే..."

గురువు చెయ్యి చాచి భూషణం జేబులోంచి పెన్ను తీసుకున్నాడు. అట్టముక్క మీద 'ఈ' అని రాయబోయాడు. ఈరదాసు పేరులో మొదటి అక్షరం. చిన్నప్పుడు మగ్గం దిగి రాత్రిబడికి పోయి, గుడ్డిదీపం కింద ఈరదాసు దగ్గర నేర్చుకున్న అక్షరం. అట్ట మీద అది తొక్కేసిన చీమలా పడింది.

పెన్ను తిరిగి జేబులో పెట్టాడు. మిషన్ వైపు తిరిగి, మణికట్టు పట్టుకుని, వెతికి, అదే అక్షరం నొక్కాడు. చెయ్యి ఇందాకటికంటే ఎక్కువే వణికింది. తెర మీద 'ఈ' నిటారుగా నిలబడింది.

గురువు దాన్ని చాలాసేపు చూశాడు. చూపుడువేలిని కళ్ళకద్దుకున్నాడు.

"పదేండ్లాయె బిడ్డా, నా అక్షరం నేను సక్కగ చూసుకోక. ఆ పోస్టుమాన్ ఇల్లు సల్లగుండ."

బాలవ్వ కండె మారుస్తోంది. రాట్నం ఒక క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో తెర మీద చిన్న నిలువుగీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. గురువు దానివైపు వేలు చూపాడు.

"గీ గీత కొట్టుకుంటనే ఉంటది. ఏందిరా ఇది?"

"మనం రాసేదాక ఎదురుచూస్తదయ్యా."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా చూస్తది."

"చైత్రం సంది చూస్తున్నదా?"

భూషణం బాలవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, సంచిల ఎన్నున్నయి?" అని అడిగాడు.

ఆమె సంచి అతని వైపు జరిపింది. అతను విప్పి, అరుగు మీద పోసి, పదేసి వరుసలు పెట్టి లెక్కపెట్టాడు. నాలుగు వరుసలు నిండాయి. అయిదో వరుసలో ఏడు గింజలున్నాయి. గురిగి వైపు చూశాడు గానీ దాన్ని ముట్టుకోలేదు. గింజలన్నీ సంచిలో పోసి మూతి కట్టాడు. చెప్పులు విడిచి అరుగెక్కాడు. గురువు పక్కకు జరిగి చోటిచ్చాడు.

"పాడవ్వా. మెల్లగనే పాడు."

రాట్నం తిరిగింది.

ఆనాటి నుంచి ఆదివారాలూ, ప్రెస్సులో సెలవు పెట్టిన రోజులూ అన్నీ ఆ అరుగు మీదనే గడిచాయి. బాలవ్వ చరణం పాడి, కండె నిండేదాకా ఆగేది. ఆ విరామంలో భూషణం కొట్టి, తిరిగి చదివి వినిపించేవాడు. ఆమె 'ఊఁ' అంటే సరైనట్టు. తప్పయితే రాట్నం ఆపేసేది. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా మిషన్ కోసం ఆగవలసి రాలేదు. ఆగినప్పుడల్లా కండె కోసమో, ఆమె దగ్గు కోసమో, గుక్కెడు మంచినీళ్ళ కోసమో ఆగారు. కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను ఆగేది. మిషన్ ఆగేది కాదు. బ్యాటరీ నాలుగు గంటలు వచ్చేది, బాలవ్వ గొంతు రెండు గంటలు.

పేజీలు కట్టడానికి మాత్రం ఆ చిన్న మిషన్ పనికిరాలేదు. భూషణం చెప్పింది నిజమే. ఆ పని ప్రెస్సులోని పెద్ద మిషన్ మీద చేశాడు. ఒక్క పూటలో అయిపోయింది. మఠానికి ఇస్తానన్న మిషన్ వద్దని యజమానికి చెప్పి దండం పెట్టాడు.

"ఇన్ని నెలలు నా పానం తీసి, ఇప్పుడు వద్దంటవా?" అన్నాడాయన.

"ఔనన్నా. నాదే బుద్ధితక్కువ."

కార్తీక పున్నమికి పుస్తకం వచ్చింది. పలచటి పుస్తకం, ఆకుపచ్చ అట్ట. ఆరాధనలో మొదటి ప్రతిని గురువు బాలవ్వ ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని తిరగేసి పట్టుకుంది. భూషణం సరిచేసి ఇచ్చాడు. అట్ట మీద అరచేయి వేసి అలాగే కూర్చుంది.

"ఇవన్నీ నా నోట్లవేనా?"

"నీయేనవ్వా."

"ఇగ నేను మర్సిపోయినా పరవా లేదన్నట్టు."

ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి, నోరు మాత్రం నవ్వింది. నడుములోంచి గుడ్డసంచి తీసి భూషణం దోసిట్లో పెట్టింది. "ఇవి నీయి కొడుకా. నువ్వు రాకుంటె ఇవి నాతోనే పోతుండె. నీ కడుపు సల్లగుండ." అతను తల వంచి తీసుకున్నాడు. ఆమె పాదాలు ముట్టుకుని, తరువాత గురువు పాదాలు ముట్టుకున్నాడు. గురువు వణికే చెయ్యి అతని తల మీద కాసేపు ఉండిపోయింది.

చిన్న మిషన్ ఇప్పటికీ మఠం గూట్లో, తువ్వాల చుట్టి ఉంది. గురువు రోజూ పొద్దున తీసి, నాలుగు ముక్కలు రాసుకుంటాడు. ఒత్తులు పెట్టడం నేర్చుకున్నాడు.

ఈరదాసు కట్టిన తత్వాలు అరవై ఒకటి. పుస్తకంలో నలభై ఏడు ఉన్నాయి.