సగం కూలి పల్లకి

నడుమ ఏరు పారే రాజ్యం ఒకటి ఉండేది. ఆ ఏరు దాటి రాజధానిలో కాలుపెట్టిన నాడు నూకన్న మొలలో ఉన్నవి ఏడు రూకలు. అందులో ఒకటి చెల్లనిది.

మిగిలిన ఆరింటితో అతడు సంతలో ఒక చాప కొన్నాడు, పూట గడుపుకున్నాడు. చాప మీద కూర్చుని అడిగినవాళ్ళకల్లా వడ్డీలు, వాటాలు, తూకాలు నోటితోనే లెక్కగట్టి చెప్పేవాడు. చెబుతూ చెబుతూ నవ్వించేవాడు. లెక్కకు ఒక గవ్వ, నవ్వు ఉచితం. ఏడాది తిరిగేసరికి ఆ నవ్వు కోట గోడ దాటి రాజుగారి చెవిన పడింది. విదూషకుడిగా కొలువుకు పిలిపించారు.

జీతం ఖరారు చేసే వేళ మహామంత్రి వాచస్పతి అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఏటికి ఇవతలివాడివా, అవతలివాడివా?"

"అవతలివాణ్ణండి."

"అయితే సగం."

అదీ ఆ రాజ్యపు ధర్మం. ఏటవతల పుట్టినవాడు ఇవతల ఏ పని చేసినా సగమే జీతం. ఎందుకని అడిగితే తాతల నాటి కట్టుబాటు అనేవారు. తాతలకెందుకు తోచిందో తాతలకే తెలియాలి. రెండు ఒడ్డులవాళ్ళూ మొక్కేది ఒకే అమ్మవారికి, తినేది ఒకే గోంగూర. ఎండాకాలంలో ఏరు ఎండిపోతే, ఎవరు ఎటువాళ్ళో పాపం ఆ ఏటికే తెలిసేది కాదు. మంత్రిగారికి మాత్రం తెలిసేది.

ఇక రాజుగారు. పేరు భూరివర్మ. పేరుకు తగ్గ ఒళ్ళు. ఆయన బిరుదులు పదిహేడు. గెలిచిన యుద్ధాలు సున్న. పదిహేడును సున్నతో భాగిస్తే ఎంతొస్తుందో ఏ గణితశాస్త్రమూ చెప్పలేదు కనుక, ఆయన ఘనతకు అంతు లేదని ఆస్థాన కవులు తేల్చేశారు. పడకగది నుంచి భోజనశాలకు కూడా ఆయన పల్లకిలోనే వెళ్ళేవారు.

ఆ పల్లకికి బోయీలు ఎనిమిది మంది. ముందు కొమ్ము పట్టే నలుగురూ ఇవతలివాళ్ళు, రోజుకు రెండు రూకలు. వెనక కొమ్ము పట్టే నలుగురూ అవతలివాళ్ళు, రోజుకు ఒక రూక. వెనకవాళ్ళలో పెద్దవాడు పైడయ్య. ఇరవై రెండేళ్ళు మోసి మోసి అతడి భుజం మీద కొబ్బరిచిప్పంత కాయ కాసింది. నూకన్నదీ అతడిదీ ఒకటే ఊరు. "పైడి మావా" అని పిలిచేవాడు.

ఒకనాడు పైడయ్య తలపాగా తీసి చంకన పెట్టుకుని, నిండు కొలువులో నిలబడ్డాడు.

"దొరా, ఇంట ఇద్దరు మనవలున్నారు. కూలి చాలటం లేదు. ముందువాళ్ళకిచ్చేదే మాకూ ఇప్పించండి. బరువు ఒకటే కదా బాబూ."

రాజుగారు పైడయ్యను కాక, పైడయ్య మాట్లాడటాన్ని చూసి ఆశ్చర్యపోయారు. పల్లకి మాట్లాడినా అంత ఆశ్చర్యపోయేవారు కాదు.

మంత్రి లేచాడు. "ప్రభూ, ముందువాడు దారి చూడాలి, రాయీరప్పా తప్పించాలి, అడుగు సాగించాలి. అసలు మోసేది వాడే. వెనకవాడు కొమ్ము కింద భుజం పెట్టి వెంట నడుస్తాడంతే. సగం పనికి సగం కూలి. ఇందులో అన్యాయమేముంది?"

"వెంట నడుస్తామా?" పైడయ్య నోరు తెరిచాడు. "బాబూ, ఒక్కసారి ఈ కాయ చూడండి..."

"చాలు!" రాజుగారు చెయ్యెత్తారు. "ఎల్లుండి అవతలి ఒడ్డున పొరుగురాజు విడిది చేస్తున్నాడు. నేనక్కడికి వెళ్ళి రాగానే ఈ నలుగురినీ పనిలోంచి తీసేసి ఏరు దాటించండి. వేరేవాళ్ళను పెట్టండి. కూలి అడిగే నోరు కొలువులో ఉండకూడదు."

అంతలో విదూషకుల వరుసలోంచి నూకన్న లేచి మంత్రికి వంగి దండం పెట్టాడు.

"మంత్రిగారి లెక్క తిరుగులేనిది ప్రభూ. సగం పనికి సగం కూలి! నాదొక్కటే భయం. వీళ్ళు మొరటువాళ్ళు. పొరపాటున సగానికి మించి పని చేసేస్తారేమో?"

"చేస్తే ఏం?"

"ఆ మించిన పనికి మీరు కూలి ఇవ్వటం లేదు కదా. అంటే అది వాళ్ళు మీకు ఉచితంగా చేసినట్టే. ఎల్లుండి పొరుగురాజు మనుషులు చూస్తారు. భూరివర్మగారు బోయీల ధర్మం మీద ఊరేగుతున్నారు, ఏటవతలి పేదలు ఆయనకు రోజూ సగం మోత దానం చేస్తున్నారు అంటారేమో అని నా దిగులు."

రాజుగారి మీసం కొస అదిరింది. "నేను బోయీల దగ్గర దానం పట్టేవాణ్ణా?"

"నేననలేదు ప్రభూ. లోకం నోరు."

"వేయించండి చాటింపు! సగం కూలివాడు సగం పనే చెయ్యాలి. దానికి మించి వెంట్రుకవాసి చేసినా వీపు మీద ఇరవై కొరడా దెబ్బలు!"

"సభాముఖంగా అన్నారు, చాలు ప్రభూ," అని నూకన్న కూర్చున్నాడు. సాయంత్రానికి ఊరంతా డప్పు మోగింది.

పైడయ్య అతణ్ణి గోడవారకు లాగాడు. "ఏరా అల్లుడూ, కూలి పెంచమంటే కొరడా ఇప్పించావేంట్రా? నీకేమన్నా మతిపోయిందా?"

"మావా, నువ్వు ఇరవై రెండేళ్ళు రాజుగారి మాట విన్నావు. ఇంకొక్క రోజు విను. అక్షరం పొల్లుపోకుండా విను. అంతే."

ఎల్లుండి రానే వచ్చింది. మేళతాళాలు, గొడుగులు, వింజామరలు. రాజుగారు పట్టుబట్టలు, కిరీటం, ముత్యాలహారం వేసుకుని పల్లకిలో ఆసీనులయ్యారు. "ఓహోం" అన్నారు బోయీలు. ముందు నలుగురూ కొమ్మును భుజానికెత్తారు. వెనక నలుగురూ నడుము దాకా ఎత్తి, ఆగారు.

రాజుగారు వెనక్కి జారారు. తల కిందికి, కాళ్ళు పైకి. కిరీటం దొర్లి వింజామర పట్టినవాడి కాళ్ళ దగ్గర పడింది. ఊరేగింపు కదిలింది. రాజుగారి రెండు పాదాలూ ప్రజలకు దర్శనమిస్తూ వీధి వెంట సాగాయి.

మజ్జిగ అమ్మే ముసలమ్మ ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మో, రాజుగారేంటే, పడుకున్నారా?"

"పడుకోలేదు పిన్నీ, పాదాలకు దండం పెట్టించుకుంటున్నారు," అంది పక్కనే పూలమ్మే ఆవిడ. "దండం పెట్టు, పుణ్యం."

"ఎత్తండిరా! పైకెత్తండిరా!" పల్లకి అడుగునుంచి గొంతు వినబడింది.

"ఎత్తకూడదు దొరా," అన్నాడు పైడయ్య భక్తిగా. "సగం కూలి, సగం ఎత్తు. అంతకు మించితే కొరడా. తమరి ఆజ్ఞే."

"నూకన్నా! ఇదేమిట్రా?"

నూకన్న పల్లకి పక్కకు వచ్చి, రాజుగారి ముఖం ఎటుందో వెతుక్కుని వంగాడు. "ఆజ్ఞ ఆజ్ఞే కదా ప్రభూ. చాటింపు వేశాక రాజు మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి?"

"మాట వెనక్కి తీసుకోను! సవరిస్తాను. పూర్తి ఎత్తు ఎత్తమను. సగం దూరమే మొయ్యమను. అప్పుడూ సగం పనే అవుతుంది కదా?"

"దివ్యంగా ఉంది ప్రభూ. కానీ ఒక్క క్షణం ఆగండి. కోట నుంచి విడిదికి సగం దూరం సరిగ్గా ఎక్కడికొస్తుందో లెక్కగట్టి చెబుతాను, ఆ తరవాత..."

"నీ లెక్కలెవడిక్కావాలి? నోరుమూసుకో! మిగతా సగం ముందువాళ్ళు మోస్తారు. అసలు మోసేది వాళ్ళే అని మంత్రి చెప్పలేదూ?"

నూకన్న నోరు మూసుకున్నాడు. అతడి జీవితంలో ఇంత సుఖంగా నోరు మూసుకున్న రోజు లేదు.

పల్లకి సమంగా లేచింది. రాజుగారు కిరీటం సర్దుకుని, తన తెలివికి తానే మురిసిపోతూ మీసం దువ్వుకున్నారు. వీధి దాటారు, ఇసుక దాటారు, ఏట్లో దిగారు. ఆ రోజుల్లో నీళ్ళు తొడల లోతు. మంత్రి పంచె పైకి చెక్కి, మోయటం అంటే ఇదే అన్నట్టు పక్కనే నడుస్తున్నాడు. అవతలి ఒడ్డున పొరుగురాజు తన పరివారంతో స్వాగతానికి నిలబడి ఉన్నాడు. అక్కడ సన్నాయి అందుకుంది.

ఏటి నడిమధ్యకు రాగానే పైడయ్య ఆగాడు.

"సగమైంది దొరా," అన్నాడు. వెనక నలుగురూ భుజాలు తప్పించి, చేతులు కట్టుకుని, మర్యాదగా పక్కకు తొలిగారు.

పల్లకి వెనకభాగం బుడుంగున మునిగింది. రాజుగారు మళ్ళీ వెనక్కి జారారు. ఈసారి నడుము దాకా నీళ్ళు, ఒళ్ళో కిరీటం.

"ముందువాళ్ళు! లాగండి! అసలు పని మీదే కదా!" మంత్రి కేకలేశాడు.

ముందు నలుగురూ పళ్ళు బిగించి లాగారు. లాగినకొద్దీ ముందు లేచింది, వెనక మునిగింది. రాజుగారికి నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. చివరికి ముందు కొమ్ము పట్టిన పెద్దబోయీ ఎగరొప్పుతూ మంత్రి వైపు తిరిగాడు. ఇవతలివాడే.

"మంత్రిగారూ, వెనక పట్టేవాడు లేకపోతే ఇక ముందు అనేది ఎక్కడుందండీ?"

"వెంట నడిచే పనే కదండీ," అన్నాడు నూకన్న. "తమరెలాగూ వెంటే నడుస్తున్నారు. ఆ కొమ్ము కింద కాస్త భుజం పెడితే సరిపోతుంది."

రాజుగారి చూపు చూసి మంత్రి కాదనలేకపోయాడు. శాస్త్రాలు నిండిన తలను పక్కకు వంచి వెనక కొమ్ము కింద భుజం పెట్టాడు. ఒక్క మూలుగు. ఆ తరవాత నీళ్ళ మీద మంత్రిగారి ఉత్తరీయం మాత్రమే కనిపించింది. పైడయ్యే జుట్టు పట్టి పైకి లాగాడు. అది సగం పని లెక్కలోకి రాదు కదా అని ముందే నూకన్నను అడిగి లాగాడు.

అవతలి ఒడ్డున సన్నాయి ఆగిపోయింది. వాయించేవాడు నవ్వుతూ ఊదలేడు కదా. పొరుగురాజు పొట్ట పట్టుకున్నాడు. ఆయన పరివారం ఇసుకలో కూలబడింది.

భూరివర్మ అటు చూశారు. ఆయనకు యుద్ధం తెలియదు గాని, పరువు తెలుసు. నవ్వులపాలైన రాజుకు మిగిలిన దారి ఒక్కటే, అందరికంటే గట్టిగా తానూ నవ్వటం. నవ్వారు. మొదట నటించారు. తరవాత చేపపిల్ల ఒకటి అరికాలు కొరికేసరికి నిజంగానే నవ్వొచ్చింది.

"గెలిచావురా నూకన్నా!" అని ముత్యాలహారం తీసి చాపారు. "ఇదిగో, బహుమానం. తీసుకో. నన్ను ఒడ్డుకు చేర్పించు."

నూకన్న హారాన్ని ముట్టుకోలేదు.

"అది మీ దయ ప్రభూ. దయ ఇవాళ ఉంటుంది, రేపు భోజనం అరక్కపోతే ఉండదు. నేనడిగేది దయ కాదు, కూలి. అది మీ మెడలోంచి తీసి ఇచ్చేది కాదు, మా భుజం మీంచి వచ్చేది."

"సరేలే, వెనకవాళ్ళకూ రెండు రూకలు!"

"వెనకవాళ్ళకే కాదు ప్రభూ. ఏ పనిలో ఉన్నా సరే, ఏటవతలివాళ్ళందరికీ. ముందు కొమ్ము ఖాళీ అయితే పట్టుకునే వంతు వాళ్ళకూ రావాలి."

"ఇంకా ఉందా?" రాజుగారి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఒక్కటే. కూలి అడిగినందుకు ఎవరినీ పనిలోంచి తీయకూడదు."

తడిసి ముద్దయిన మంత్రి దగ్గుతూ అడ్డొచ్చాడు. "ప్రభూ, తాతల నాటి కట్టుబాటు..."

"తాతలు ఒడ్డున కూర్చుని పెట్టారు!" రాజుగారు గర్జించారు. "నేను నీళ్ళలో కూర్చున్నాను! ఇచ్చాను. అన్నీ ఇచ్చాను. చాటింపు వేయించండి."

డప్పువాడు ఊరేగింపులోనే ఉన్నాడు. తొడల లోతు నీళ్ళలో డప్పు నెత్తిన పెట్టుకుని అక్కడికక్కడే రెండు ఒడ్డులకూ వినబడేలా చాటాడు. చివరి మాట పూర్తయ్యాకే పైడయ్య కొమ్ము కిందికి భుజం చేర్చాడు. "ఓహోం" అన్నారు ఎనిమిది మందీ ఒక్క గొంతుతో. పల్లకి నీళ్ళలోంచి లేచి, నాలుగు మూలలా సమంగా, నీళ్ళు కారుతూ అవతలి ఒడ్డు చేరింది.

పొరుగురాజు ఎదురొచ్చి కౌగిలించుకుని, తన బట్టలు కూడా తడుపుకున్నాడు. "మీ విదూషకుణ్ణి నాకిచ్చెయ్యండి" అన్నాడు. "ఇవ్వను గాక ఇవ్వను!" అని భూరివర్మ పగలబడి నవ్వారు. "నా ఆస్థానంలో నన్ను ముంచగల మొనగాడు ఇతడొక్కడే. నూకన్నా, ఈ పూట నుంచి నీకు పూర్తి జీతం. తృప్తేనా?"

"ఈ పూట నుంచి తృప్తే ప్రభూ."

రాజుగారి నవ్వు సగంలో ఆగింది. "ఈ పూట నుంచి అంటే?"

నూకన్న ఏటి ఒడ్డున వంగి గులకరాళ్ళు ఏరటం మొదలుపెట్టాడు. దోసిలి నిండింది. చాల్లేదు, పైపంచె పరిచి మూటగట్టాడు. రాజుగారికి వేసిన పీట ముందు తడి ఇసుకను అరచేత్తో చదును చేసి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పాత బాకీ ప్రభూ," అన్నాడు. "నాది చిన్న లెక్క, తరవాత చూద్దాం. ముందు మా పైడి మావది."

ఇరవై రెండేళ్ళ లెక్కకు మొదటి రాయి చేతిలోకి తీసుకున్నాడు.