ఊడ్చేసిన కొండ

మూడు కొండల అవతల, ఎప్పటి మాటో, ఒక రాజుండేవాడట. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఊరందరికీ ఒకటే ఊట, నెమలికొండ మీద.

చిన్నోడు రత్నకేతు ఒక పండక్కి ఆ కొండని ముస్తాబు చేయించాడు. పొదలు కొట్టించాడు, గడ్డి తగలబెట్టించాడు, వాకిలి ఊడ్చినట్టు రాలిన ఆకులన్నీ ఊడ్పించి ముగ్గులేయించాడు. అందరూ భలే భలే అన్నారు. రెండేళ్లకి ఊట దారమంత సన్నబడింది.

అప్పుడొచ్చాడు కరాళుడనే మాంత్రికుడు. "నీళ్లు నా గుప్పిట్లో ఉన్నాయి. అమావాస్యలోగా రాజ్యమిస్తే వదుల్తా!" అన్నాడు. పెద్దోడు కత్తి దూశాడు, రాయైపోయాడు. రెండోవాడు దూశాడు, వాడూ రాయైపోయాడు.

రత్నకేతు ఊట దగ్గరికి పరిగెత్తాడు. ఊటలోని ముసలి ఎండ్రకాయ అతని తలపాగా ఎక్కింది. "వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. పద బాబూ, ఇక్కడుంటే నేనూ ఎండి చస్తా."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దాటిన ప్రతిసారీ "అమావాస్యకి ఇంకెన్నాళ్లు?" అనేవాడు. "అడిగితే పెరుగుతాయా?" అని ఎండ్రకాయ విసుక్కునేది.

చెట్టు తొర్రలో చిలక దొరికింది. ఎండ్రకాయ దాని కాలు పట్టేసింది.

"అమ్మో, వదలండి! నన్ను చంపినా నీళ్లు రావు. వాడి దగ్గర చుక్క కూడా లేదు!"

"మరి ఎవరెత్తుకెళ్లారు?" అన్నాడు రత్నకేతు.

ఎండ్రకాయ నసిగింది. "కోప్పడవుగా బాబూ? వాన పడితే ఆకులు ఆపేవి, గడ్డి వేళ్లు మెల్లగా లోపలికి దింపేవి. ఆ నీళ్లే మన ఊట. నువ్వు ఊడ్పించాక వానంతా మట్టితో సహా జారిపోతోంది."

రత్నకేతు చిలకని పంజరంలో పెట్టి, అమావాస్యకి ముందే ఊరు చేరాడు.

పంజరంలో చిలకని చూడగానే కరాళుడు కాళ్ల మీద పడ్డాడు. అన్నల్ని మనుషుల్ని చేసి, దేశం వదిలి పారిపోయాడు. జనం జేజేలు కొట్టి, "నీళ్లెప్పుడొస్తాయి?" అనడిగారు. ఊట అప్పటికే ఎండిపోయింది. నేరం మాంత్రికుడి మీదకి తోసేయొచ్చు. కానీ రత్నకేతు "తప్పు నాది" అన్నాడు.

తేనె పట్టుకునే గురివి అనే పిల్ల ముందుకొచ్చింది. "అబ్బో, దొరగారికి ఇప్పటికి తెలిసిందన్నమాట! ఏడుస్తూ కూర్చుంటే గడ్డి మొలవదు, రా!"

ఊరంతా దూరపు ఏటి నుంచి కావిళ్లు మోసింది. రత్నకేతూ గురివీ కొండ మీద గడ్డి నాటారు, పొదలు పెంచారు, రాలిన ఆకు రాలినట్టే ఉంచారు. మొదటి వానకాలం పోయింది, ఊట లేదు. రెండోది పోయింది, తడైనా లేదు. రత్నకేతు రోజూ నేలకి చెవి పెట్టేవాడు. మూడోది పోయాక ఎండ్రకాయ కేకేసింది: "బాబూ, నా కాలు తడిసింది!"

కొండ కిందే రత్నకేతుకీ గురివికీ పెళ్లి. పెళ్లని పనివాళ్లు చీపుళ్లతో కొండెక్కబోతే, పెళ్లికొడుకు పీటల మీంచి లేచి పరిగెత్తాడు. "ఆగండి! ఒక్క ఆకు కూడా కదపొద్దు!"

తర్వాత అన్నల మాట మీదే రాజై, చాలా ఏళ్లు చల్లగా ఏలాడు. ముసలివాడయ్యాక కూడా పొద్దున్నే వెళ్లి నేలకి చెవి పెట్టేవాడట. కింద నీళ్లు నడుస్తూనే ఉండేవట.