రోకలెత్తిన అరవైమంది అవ్వలు

పొణికిపాడులో బ్రహ్మలింగంగారి ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో లేదు. ఈ మాట ఏడూళ్ళవాళ్ళు అన్నది కాదు, బ్రహ్మలింగంగారు అన్నదే. ఆ ఇంట్లో అయిదుగురు. బ్రహ్మలింగం, ఆయన భార్య పేరమ్మ, పెద్దకొడుకు సోమలింగం, చిన్నకొడుకు కామలింగం, పెద్దకోడలు మాణిక్యాంబ. మగవాళ్ళు ముగ్గురూ తేలిక కర్రతో బొమ్మలు చెక్కుతారు. పేరమ్మ చింతగింజల జిగురుతో కాళ్ళూ చేతులూ అతికిస్తుంది. మాణిక్యాంబ రంగులేసి కళ్ళు దిద్దుతుంది.

అయిదుగురూ ఒక్కసారే ఆలోచిస్తే ఇంట్లో తెలివి తొందరగా అరిగిపోతుందని వాళ్ళకి భయం. అందుకని వారానికొకరు వంతులేసుకుని ఆలోచించేవారు. వంతు లేనివాళ్ళకి ఏదైనా తోచినా నోరు మూసుకోవాల్సిందే. ఒకసారి పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే పేరమ్మ పీటమీద కూర్చుని చూస్తూనే ఉంది, దించలేదు. "ఇది కామలింగం వారం" అంది. కామలింగం సంతకెళ్ళాడు. అంతే, పాలన్నీ పొయ్యిపాలు. అయినా పేరమ్మ కట్టుబాటు తప్పలేదని బ్రహ్మలింగం ఊరంతా చెప్పుకున్నాడు.

సోమలింగం వంతు నడుస్తున్న వారంలో, పట్నం బొమ్మల కాలేజీనించి ఇందుమతి మేడం కారు దిగింది.

"మా కాలేజీలో కంప్యూటర్ మీద కదిలే బొమ్మలు చెయ్యడం నేర్పుతామండీ" అంది. "యానిమేషన్ అంటారు. ఫిన్లాండ్ దేశంలో ఒక బడితో కలిసి కర్రబొమ్మలతో సినిమా తీద్దామనుకుంటున్నాం. అందుకు బొమ్మలు చేసేవాళ్ళ ఇల్లు ఒకటి ఎంచుకోవాలి. ఎంపికైన ఇంట్లోంచి ఒకరు ఇక్కడే కూర్చుని, కంప్యూటర్లో ఫిన్లాండ్ పిల్లలకి పాఠం చెప్పాలి. టీచరుగా."

ఆ మాట వినగానే తలుపు చాటున నించున్న మాణిక్యాంబ ఒక అడుగు ముందుకేసింది.

ఆమెని నాలుగో తరగతితో మానిపించేశారు. ఆ నాలుగేళ్ళూ ఆమె చూపు పలకమీద నిలిచింది లేదు, ఎప్పుడూ టీచరమ్మ కుర్చీమీదే. ఇప్పటికీ పని చేసుకుంటూ, రంగు వెయ్యని బొమ్మల్ని వరసగా నించోబెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "అల్లరి చెయ్యకండర్రా" అనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎవరైనా తనని టీచరూ అని పిలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది.

"ముందు పరీక్ష ఉంటుంది" అంటూ మేడం మూడుకాళ్ళ స్టాండుమీద కెమెరా బిగించింది. "వడ్లు దంచే అవ్వ బొమ్మతో చిన్న సినిమా చెయ్యండి. అరవై ఫొటోలు. ఒక్కో ఫొటోకి రోకలి కాస్త కాస్త పైకి లేవాలి. కెమెరా కదపకండి. ఫొటో తీసేటప్పుడు బొమ్మ తప్ప ఇంకేదీ కదలకూడదు. పదిహేను రోజుల్లో వస్తాను."

కారు వెళ్ళిపోయింది. వీళ్ళు అవ్వ బొమ్మని కెమెరా ముందు పెట్టారు.

"విన్నారుగా? బొమ్మ తప్ప ఏదీ కదలకూడదు" అన్నాడు సోమలింగం, వారం తనది కాబట్టి.

ఇంకేముంది! అయిదుగురూ గోడకి ఆనుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. గేదె తోక గుంజకి కట్టేశారు. కోళ్ళని గంపకింద మూసేశారు. గోడగడియారం ముల్లు కదులుతోందని దాన్ని దించి బోర్లా పెట్టారు. అవ్వ మాత్రం కదల్లేదు. గంట అయింది, రెండయింది.

"మనం చూస్తుంటే సిగ్గుపడుతోందేమో" అంది పేరమ్మ, పెదవి కదపకుండా.

సరే అని అందరూ మొహాలు గోడవైపు తిప్పుకున్నారు.

అప్పుడే మజ్జిగ కవ్వం అడగడానికి పక్కింటి సూరాంబ వచ్చింది. "పేరమ్మొదినా!" పలుకు లేదు. "అన్నయ్యగారూ!" ఉలుకు లేదు. అయిదుగురూ గోడకేసి తిరిగి కొయ్యల్లా ఉన్నారు. అంతే, సూరాంబ గుండెలు బాదుకుంటూ వీధిలోకి పరిగెత్తింది. క్షణంలో ఊరు ఊరంతా నట్టింట్లో ఉంది. ఒకడు విసురుతున్నాడు, ఒకడు నీళ్ళు చల్లుతున్నాడు, పెద్దాళ్ళు ఏడుపు కూడా అందుకున్నారు.

"ఏడవకండే, బానే ఉన్నాం" అంది పేరమ్మ గోడతో. "అవ్వ కదిలాక మేమూ కదులుతాం."

మాణిక్యాంబకి మాత్రం ఇలా అయితే పరీక్ష పోతుందని బెంగ పట్టుకుంది. చాటుగా మేడంకి ఫోన్ చేసింది. గేదె తోక దగ్గర్నించీ అంతా చెప్పింది. మేడం విని, "అమ్మా, బొమ్మ దానంతటది కదలదు. మీరే చెయ్యెత్తి పెట్టాలి" అంది.

ఆ మాట చెవినెయ్యగానే సోమలింగం వెళ్ళి అవ్వ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. జిగురుతో అతికించిన చెయ్యి, ఎక్కడ లేస్తుంది? టప్పున ఊడి చేతికొచ్చింది.

"ఓరి నీ దుంప తెగ! పెద్దావిడ చెయ్యి విరగ్గొట్టావు కదరా!" అంది పేరమ్మ. అవ్వని ఒడిలో పెట్టుకుని, ఎముకలకి కట్టు కట్టే వెంకటాద్రి దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళింది. వెంకటాద్రి బొమ్మనీ చూశాడు, పేరమ్మనీ చూశాడు. "నలభై రోజులు బరువు ఎత్తనివ్వకు" అని కట్టు కట్టి పంపాడు.

"నలభై రోజులా! మనకున్నది పధ్నాలుగే" అని మాణిక్యాంబ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆదివారం దాటింది, వంతు బ్రహ్మలింగానికి వచ్చింది. ఆయన మీసం దువ్వాడు. "ఏడవకు కోడలా. ఒక అవ్వ అరవైసార్లు చెయ్యెత్తలేదు. ముసలిప్రాణం. అరవైమంది అవ్వలు తలోసారీ ఎత్తుతారు. ఒక్కో అవ్వకి చెయ్యి కాస్త పైకి చెక్కుదాం."

"ఆహా!" అన్నారు అందరూ.

"కాస్త అంటే ఎంత నాన్నా?" అన్నాడు కామలింగం.

"నేను కూరలో కాస్త ఉప్పంటే చిటికెడు వేస్తా" అంది పేరమ్మ.

"నేను కాస్త అన్నం పెట్టమంటే నువ్వు కుండంతా బోర్లిస్తావు" అన్నాడు బ్రహ్మలింగం.

చిటికెడుకీ కుండెడుకీ మధ్య పడీ పడీ వాదించుకుని, చివరికి బెత్తెడు దగ్గర రాజీ పడ్డారు. అంతే, ఉలులు టకటకలాడాయి. మొదటి అవ్వ రోకలి రోట్లో ఉంది. రెండో అవ్వది బెత్తెడు పైకి. మూడో అవ్వకే చెయ్యి పూర్తిగా నెత్తిమీదికి లేచిపోయింది.

"ఇంక లేవదే" అన్నాడు సోమలింగం.

"దించమని మేడం చెప్పిందా?" అన్నాడు బ్రహ్మలింగం.

"చెప్పలేదు. పైకి లేవాలంది, అరవై ఫొటోలూ."

"మరింకేం? చెయ్యి పొడుగు చెయ్యి!"

నాలుగో అవ్వకి చెయ్యి తనంత పొడుగు. పదో అవ్వకి మనిషి నడుమంత పొడుగు. ముప్ఫయ్యో అవ్వ ఉన్నది జానెడే, చెయ్యి మాత్రం చూరు దాటింది. కర్ర అయిపోయింది. చెక్కపెట్టె కోశారు. మంచం కోళ్ళు కోశారు. వంటింటి అటక కోశారు. నలభయ్యో అవ్వ చెయ్యి వెళ్ళి ఇంటికప్పుకి కొట్టుకుంది. ఇంకేముంది, పెంకులు దించేశారు. యాభయ్యో అవ్వకి మళ్ళీ కర్ర లేదు. సోమలింగం నట్టింటి దూలంవైపు చూశాడు.

"దూలం తీస్తే కప్పు మీదపడదుట్రా?" అంది పేరమ్మ.

"కప్పు ఎప్పుడో దించేశాం కదమ్మా, పడటానికింకేముంది?"

నిజమే కదా అని దూలం కూడా తీసేశారు.

ఇంత హడావిడిలోనూ మాణిక్యాంబ ఒక మూల కూర్చుని కళ్ళు దిద్దుతూనే ఉంది. అరవైమంది అవ్వలు, నూటయిరవై కళ్ళు. దిద్దుతూ దిద్దుతూ ఆమెకి ఒకటి అనిపించింది. అంత రోకలి ఆకాశంలోకి వెళ్ళిపోతుంటే, ఏ అవ్వయినా రోట్లోకి చూస్తూ ఊరుకుంటుందా? అందుకని ఒక్కో అవ్వకీ నల్లగుడ్డు నూలుపోగంత పైకి జరిపింది. చివరి అవ్వ తెల్లగుడ్లు తేలేసి చూస్తోంది. ఈ వారం ఆలోచించే వంతు తనది కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. రంగు ఆరిన అవ్వని ఆరినట్టే కెమెరా ముందు నించోబెట్టి సోమలింగం ఫొటో తీశాడు.

మేడం వచ్చి, కప్పులేని ఇంటిమధ్య నించుని, అరవై ఫొటోలూ వరసగా కంప్యూటర్లో నడిపించింది. జానెడు అవ్వ. రోకలెత్తింది. ఎత్తుతూనే ఉంది. చెయ్యి సాగుతోంది, సాగుతోంది, తెర దాటి పైకెక్కడికో పోయింది. అవ్వ మాత్రం కింద నించుని, ఇదెక్కడిదాకా పోతుందిరా దేవుడా అన్నట్టు చూస్తోంది. మేడం నవ్వాలో ఏడవాలో తెలియక, అలాగే ఫిన్లాండ్‌కి పంపించేసింది.

నాలుగో రోజున మేడం నించి ఫోన్ వచ్చింది. "ఫిన్లాండ్ వాళ్ళు ఎగిరి గంతేశారండీ! ఇంత గొప్ప ఊహ ఎప్పుడూ చూడలేదన్నారు!"

"ఊహ ఎక్కడిదండీ? అది మా దూలం" అన్నాడు బ్రహ్మలింగం.

"సరే లెండి, మీ ఇల్లే ఎంపికైంది. ఆ దూలం సంగతీ కప్పు సంగతీ కాలేజీ చూసుకుంటుంది. ఇంకొకటి అడిగారు. ఆ కళ్ళు దిద్దింది ఎవరట? పాఠం వాళ్ళే చెప్పాలట."

ఇంట్లో అందరూ మాణిక్యాంబవైపు తిరిగారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

కాలేజీ ఒక లాప్‌టాప్ పంపింది. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి పిల్లలు ఇరవైరెండుమంది వస్తారు, సిద్ధంగా ఉండండి" అని మేడం చెప్పింది. అంతే, పదకొండింటికే కామలింగం నాలుగు ఆటోలు మాట్లాడుకుని బస్టాండుకి వెళ్ళాడు. దిగిన ప్రతివాణ్ణీ "ఫిన్లాండా?" అని అడిగాడు. ఒక్కరూ అవునన్లేదు. ఊరుకున్నాడా? ఒట్టి ఆటోలతో రావడం బాగోదని, గుంటూరు వెళ్ళాల్సిన పెళ్ళివారిని ఎక్కించుకొచ్చాడు.

ఈలోగా తెర వెలిగింది. తెల్లటి పిల్లలు ఇరవైరెండుమంది, అందరి చేతుల్లో రంగు వెయ్యని బొమ్మలు. ఒక మూల చిన్న గడిలో మేడం. పిల్లలంతా ఒక్క గొంతుతో, "నమస్తే టీచర్!" అన్నారు.

మాణిక్యాంబ ఉతికి దాచుకున్న నీలం చీర కొంగు భుజంచుట్టూ లాక్కుని, "నమస్తే అర్రా, కూచోండి" అంది. కూర్చున్నవాళ్ళు కూడా మళ్ళీ లేచి కూర్చున్నారు. ఆమె కుంచె ఎలా పట్టుకోవాలో చూపించింది, కన్ను దిద్దేటప్పుడు ఊపిరి ఎలా బిగబట్టాలో చూపించింది. మేడం వాళ్ళ భాషలో చెప్పింది. ఇరవైరెండుమందీ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టారు. అరగంట ఎంత చక్కగా జరిగిందంటే, బయట పెళ్ళివాళ్ళు కూడా బస్సు సంగతి మర్చిపోయి కిటికీలోంచి కన్ను దిద్దడం నేర్చుకున్నారు.

అప్పుడు ఐనో అనే పిల్ల బిక్కమొహంతో తన బొమ్మని చూపించింది. ఒక కన్ను బాగానే ఉంది, రెండోది చెంపమీదికి జారిపోయింది.

"అయ్యో నా తల్లీ, దానికేం! ఇలా దగ్గరికి పట్టు" అంది మాణిక్యాంబ.

ఐనో బొమ్మని దగ్గరికి పట్టింది. తెరనిండా బొమ్మ మొహం. మాణిక్యాంబ కుంచెని నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, కన్ను ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ, తెరమీద నిండుగా కన్ను దిద్దింది. అది ఆమె జీవితంలో దిద్దిన కళ్ళన్నిట్లోకీ అందమైన కన్ను.

"మాణిక్యాంబగారూ! అది తెరండీ!" అని మేడం కేకేసింది.

ఐనో బొమ్మని దించింది. కన్ను దిగలేదు, ఐనో నుదుటిమీద ఉండిపోయింది. ఐనో పక్కకి జరిగింది. ఈసారి కన్ను వెనక కుర్రాడి ముక్కుమీదికెక్కింది. పిల్లలంతా పడీ పడీ నవ్వుతున్నారు.

"చూశావా, కన్ను వాడిమీదికి వీడిమీదికి తిరుగుతోంది" అన్నాడు బ్రహ్మలింగం. "తడి ఆరకుండా కదిపితే అంతే మరి. ఎండలో పెట్టాలి."

"వాళ్ళ దేశంలో ఎండే ఉండదట కదా మావయ్యా!"

"మన దగ్గర బోలెడుంది. బయటికి పట్టుకురండి!"

మేడం వద్దు వద్దంటూనే ఉంది. సోమలింగం ఒకవైపు, కామలింగం ఒకవైపు పట్టుకుని ఫిన్లాండ్ బడిని వాకిట్లోకి తెచ్చి, ఎర్రటి ఎండలో చాపమీద పెట్టారు. ఎండ పడేసరికి తెర పాలిపోయింది. పిల్లల మొహాలు చూస్తుండగానే మసకబారాయి.

మాణిక్యాంబ చాప దగ్గరికి ఉరికింది. "అమ్మో! నా పిల్లలు వాడిపోతున్నారు! చలిదేశం పిల్లలు, ఈ ఎండకి ఏం తట్టుకుంటారు? అత్తయ్యా, మజ్జిగ!"

పేరమ్మ ఇరవైరెండు గ్లాసులు వరసగా పోసింది. మాణిక్యాంబ మొదటి గ్లాసు ఐనోకని లాప్‌టాప్ మీటలమీద వొంపింది. మజ్జిగ సందుల్లోకి సర్రున ఇంకిపోయింది.

"ఎంత దాహమేసిందో, చుక్క మిగల్చలేదు!"

రెండో గ్లాసు. మూడో గ్లాసు. చిటపటమని చిన్న చప్పుడైంది, తెర నల్లబడింది. పిల్లలూ లేరు, మేడమూ లేదు, కన్ను ఒక్కటే నిగనిగలాడుతూ ఉంది.

సోమలింగం కంగారుపడ్డాడు. "ఏమైందే?"

మాణిక్యాంబ వేలు పెదవిమీద పెట్టుకుంది. "ష్! చల్లటి మజ్జిగ కడుపులో పడేసరికి హాయిగా నిద్రపోయారు."

"మేడం కూడానా?"

"ఇందాకట్నించీ అరిచి అరిచి అలిసిపోయింది పాపం."

మెల్లిగా లాప్‌టాప్ ఎత్తి నీడలోకి తెచ్చుకుంది. దానిమీద తడి తువాలు కప్పింది. మిగిలిన పందొమ్మిది గ్లాసులమీదా మూతలు పెట్టి, విసనకర్ర తీసుకుని పక్కన కూర్చుని, గట్టిగా మాట్లాడుతున్న పెళ్ళివారివైపు తిరిగి కళ్ళెర్రజేసింది.

"చప్పుడు చెయ్యకండి. క్లాసు జరుగుతోంది."