సింగారి పిట్ట బ్లాగూ, నలుగురు అభిమానులూ

గుడ్డుకి గులకరాయి రంగు వేసి, కళ్ళెదుటే ఉన్నా కనపడకుండా దాచాడే ఆ స్వామి, ముందు ఆయనకో దణ్ణం పెట్టుకోండి. పెట్టుకున్నారా? వెనకాల గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా? సరే, వినండి.

అడవి అంచున ఎండిపోయిన ఏరు. ఆ ఏటి రాళ్ళలో కాపురం చేస్తోంది సింగారి అనే తీతువు పిట్ట. తీతువు చెట్టెక్కదు, గూడు అల్లదు. నేలమీద కాసిని రాళ్ళు పక్కకి నెట్టి అక్కడే గుడ్లు పెడుతుంది. మీరు పక్కనించి నడిచివెళ్ళినా రాయేదో గుడ్డేదో పోల్చుకోలేరు. మొగుడు నూకరాజు ఒక పూట, తనొక పూట పొదుగుతారు. అదీ వాళ్ళ సంసారం.

ఆ ఏడు కొండమీద టవరు లేచింది. అడవిలో చేతులున్నవాటికి చేతుల్లోకి, లేనివాటికి కాళ్ళలోకి, అవీ లేని పాముకి తోకలోకి ఫోన్లు వచ్చాయి. ఫోన్ల వెనకాలే బ్లాగులు వచ్చాయి. అడవిలో బ్లాగులేమిటని ముక్కున వేలేసుకోకండి. మనకి పట్టిన జబ్బు వాటికి పట్టకూడదా?

కోకిలకో బ్లాగు, ఎలుగుబంటికో బ్లాగు. గుడ్లమీద కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కిన సింగారికి అవి చూసి మనసాగలేదు.

"మామా, నేనూ బ్లాగు పెడతా."

"పెట్టుకో. పొద్దున్న పూట పొదగడం నీ వంతు, అది మాత్రం మర్చిపోకు," అన్నాడు నూకరాజు.

పెట్టింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఒకరోజు సింహంగారి పరిపాలన మీద రాసింది. మర్నాడు ఏనుగులు ఒళ్ళు తగ్గడమెలాగో రాసింది. ఆ మర్నాడు ముఖానికి నిగారింపు తెచ్చే చిట్కాలు. ముఖమంతా ఈకలున్న పిట్టకి నిగారింపు సంగతేం తెలుసయ్యా? అందంగా ఉంటుందని అక్షరాల వెనక నెమలి పింఛం బొమ్మ పెట్టింది. ఆ పింఛం కళ్ళ మధ్య అక్షరం ఎక్కడుందో వెతుక్కోవాలి. పైన శీర్షిక చూస్తే, "ఇది చదవని జంతువు బతికీ దండగ!" అని ఉంటుంది. లోపలికెళితే, "ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది" అని ఉంటుంది.

ఎవరూ రాలేదు. సింగారికి ఉక్రోషం వచ్చింది. కోకిల బ్లాగులో అందరూ మెచ్చుకున్న ముక్క ఒకటి ఎత్తి తన బ్లాగులో పెట్టేసింది. సాయంత్రం నూకరాజు అది చదివి, కూర్చున్నవాడు దిగ్గున లేచాడు.

"ఏమే! ఏమిటిది? 'గుడ్లు కాకి గూట్లో పెట్టేసి నేను మామిడితోపులో పాడుకుంటాను, పొదిగే పాడు చాకిరీ నాకెందుకు' అని రాశావు! మరి నేను ఎండలో వీపు మాడ్చుకుని పొదుగుతున్నవి ఎవరివే?"

"అయ్యో, మనవే మామా! అది కోకిల రాసింది. ఎత్తి పెట్టేటప్పుడు చదవలేదు."

"నీ బ్లాగు నువ్వే చదవకపోతే ఊళ్ళోవాళ్ళు చదువుతారా?"

నవ్వకండమ్మా, మనలో ఎంతమంది లేరు!

ఏటి మలుపులో ఒక బురదగుంట ఉంది. అందులో మధ్యాహ్నాలు పొర్లాడే గేదె పేరు ఎర్రమ్మ. నోటినిండా నెమరు, మాట మాత్రం సూటి. ఒకనాడు అది సింగారిని పిలిచింది.

"పిల్లా, నీ బ్లాగు చదివానే."

"ఎలా ఉందత్తా?"

"సింహం సంగతి రాయడానికి సింహముంది. నీ సంగతి రాయవేం? నువ్వు కుక్కొస్తే ఒకలా అరుస్తావు, గద్దొస్తే ఒకలా, మనిషొస్తే ఇంకోలా. ఏది దేనికో తెలీక మేం అన్నిటికీ పరిగెడుతున్నాం. మొన్న నీ గద్ద అరుపుకి నేను కొండదాకా పరిగెత్తాను. నన్ను గద్ద ఎత్తుకుపోతుందిటే?"

"అదేం గొప్పత్తా! అందరికీ తెలిసిందేగా."

"అందరికీ అంటే ఎవరికే? నీకూ, మీ ఆయనకీ."

సింగారికి ఆ మాట రుచించలేదు. మంచి మాటకి ఉప్పు తక్కువ కదా. ఉప్పూ కారం దట్టించిన మాటలు ఆ రాత్రే మొదలయ్యాయి. ఒకరు కాదు, నలుగురు అభిమానులు వచ్చిపడ్డారు! వెన్నెల కుందేలు, అడవిమల్లె, లేడికూన, ఏటిగట్టు పాఠకుడు అని పేర్లు పెట్టుకున్నారు.

"అక్కా, మీ ముక్కు తేనెలో ముంచి రాస్తారా?" అని కుందేలు.

"మీరు రాయని పూట నాకు మేత సయించదు," అని లేడికూన.

ఇక చూసుకోండి! సింగారికి కాళ్ళు నేలమీద ఆగలేదు. నిద్ర లేవగానే ఫోను. తుమ్మితే రాసింది, ముల్లు గుచ్చుకుంటే రాసింది, మొగుడితో తగువాడితే ఎవరిది తప్పో తేల్చమని అడిగింది. నలుగురూ నూకరాజుదే తప్పన్నారు. పొద్దున్న పూట గుడ్లు చల్లబడిపోతుంటే, ఆ వంతు కూడా నూకరాజే కూర్చున్నాడు.

ఒకనాడు నలుగురూ ఒకే కోరిక కోరారు. "అక్కా, మీ ముద్దుల గుడ్లు ఒక్కసారి చూపించరూ? చుట్టుపక్కల అందాలు కూడా కనపడాలి సుమా!"

చూపించింది. నాలుగు గుడ్లు, వెనకాల వంగిన తాటిచెట్టు, పక్కన ఏనుగు ఆకారం బండరాయి. "నా ముత్యాలు" అని కింద రాసింది. ఇంటి గుట్టు లంకకి చేటన్నారు. లంకలోనైనా ఆ గుట్టు ఒక్కడే చెప్పాడు గానీ, ఇంత ముచ్చటగా ఫోటో తీసి పెట్టలేదు.

మధ్యాహ్నం ఎర్రమ్మ రొప్పుతూ వచ్చింది. గేదె పరిగెత్తుకు రావడమంటే మాటలు కాదు.

"ఒసేయ్ సింగారీ! నీ ఫోటో కింద ఆ కుందేలు ఏమడిగిందో చూశావా?"

సింగారి చదివింది. "అక్కా, పెట్టి ఎన్నాళ్ళయింది? పచ్చసొన ఇంకా పల్చగానే ఉందా, గట్టిపడిపోయిందా?"

"ఎంత ఆపేక్షో చూడత్తా," అంది మురిసిపోతూ.

"నీ మొహం! గడ్డి తినే కుందేలుకి పచ్చసొనతో ఏం పనే?"

సింగారి ఆ ముక్క మళ్ళీ చదివింది.

"ఈ ఏటి చుట్టుపక్కల ఇంత తియ్యగా మాట్లాడేవాడు ఒక్కడే," అంది ఎర్రమ్మ. "గవరయ్య. అవతలి గట్టున ఈతపొదలో ఉంటాడు. ఇప్పుడేదో ఒకటి రాయి. నూకరాజూ, నువ్వు పైకెగిరి ఆ పొదలోకి చూడు."

సింగారి "తుమ్మొచ్చింది" అని రాసింది. క్షణంలో "చిరాయువు అక్కా!" అంది కుందేలు. "జాగ్రత్త అక్కా!" అంది లేడికూన. ఆ తర్వాత మల్లె, ఆ వెనక పాఠకుడు. నూకరాజు దిగివచ్చాడు.

"ఒక్క పంజాయేనే. గవరయ్య పంజా. నాలుగుసార్లు నొక్కాడు."

గుంటనక్కండీ! పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడూ అబద్ధం తప్ప ఆడనివాడు.

సింగారి గబగబా ఫోటో తీసేసింది. తీసేస్తే మాత్రం ఏం? నక్క కళ్ళలో పడ్డదాన్ని ఎవరు తీయగలరు? గుడ్లు మోసుకుపోదామంటే పిట్టకి చేతులా, బుట్టలా? పొద్దు వాలితే గవరయ్య వస్తాడు. రాళ్ళలో నాలుగు పెంకులు మిగులుతాయి. గుడ్లమీద రెక్కలు కప్పుకుని సింగారి ఏడ్చింది. "స్వామీ, నువ్వు దాచి ఇచ్చావు, నేను పరిచి పెట్టాను," అంది. ఏడుపు మధ్యలోనే తలెత్తింది.

"మామా, మా అమ్మ నేర్పిన విద్య ఉందిగా. విరిగిన రెక్క!"

తెలియనివాళ్ళకి చెబుతాను. గుడ్ల జోలికి ఎవడైనా వస్తే తీతువు రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ కుంటుతుంది. వాడు గుడ్లొదిలి పిట్ట వెంట పడతాడు. దూరం తీసుకెళ్ళాక ఇది తుర్రుమంటుంది.

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "అది గవరయ్యకి కంఠతా వచ్చే. మొన్న వాడి ముందు నేను కుంటితే ఆవలించాడు!"

"కుంటితే నమ్మడు మామా. రాస్తే నమ్ముతాడు."

ఎర్రమ్మ నెమరు ఆపేసింది. "అమ్మ దొంగా!" అంది మెచ్చుకోలుగా.

సింగారి రాసింది. "అభిమానులారా! కుడిరెక్క విరిగింది. ఎగరలేను. ఎర్రమ్మత్త బురదగుంటలో పడి ఉన్నాను. మా ఆయన నీళ్ళకని పోయి ఇంకా రాలేదు. నాకోసం దేవుణ్ణి ప్రార్థించండి." పెట్టబోతూ ఆగింది. "అత్తా, మిగతా పాఠకులు నిజమనుకుని బెంగపడతారేమో?"

"మిగతావాళ్ళెవరే? నీ బ్లాగు చదివేది నేనూ, ఆ నక్కా."

ఆ మాట ముల్లులా దిగింది. అయినా పెట్టేసింది.

"అయ్యో అక్కా!" అంది కుందేలు. "కదలకండి!" అంది మల్లె. "అక్కడే ఉండండి, వచ్చేస్తున్నాం!" అన్నాడు పాఠకుడు. అన్నంత పనీ చేశారు. నలుగురూ కలిసి నాలుగు కాళ్ళమీద వచ్చారు.

ఆ పూట ఎర్రమ్మ పొర్లలేదు కనక, బురదగుంట ఎండకి పైన పెచ్చు కట్టి ఉంది. చూడ్డానికి గట్టినేలే. నడిమధ్య సింగారి రెక్క పరిచి పడుకుంది. పిట్ట బరువెంత, ఆ పెచ్చుకి లెక్కేముంది! గవరయ్య గట్టుమీద నిలబడ్డాడు. ఎగిరిపొమ్మని సింగారి రెక్కలు అంటున్నాయి, ఉండమని గుడ్లు అంటున్నాయి.

"చెల్లాయీ, ఎంత కష్టమొచ్చింది!" అన్నాడు గవరయ్య పెదాలు నాక్కుంటూ.

"ఎవరూ? గవరయ్యన్నా? నా బ్లాగు నువ్వూ చదువుతావా?"

"అక్షరం వదలను తల్లీ!" అంటూ దూకాడు.

సింగారి లేచిపోయింది. పెచ్చు పగిలింది. గవరయ్య మెడదాకా దిగబడ్డాడు. మెళ్ళో వేలాడుతున్న ఫోను తెగి బురదలో బుడుంగుమంది.

"మోసం!" అని అరిచాడు. "నీ విరిగిన రెక్క నాటకం మా తాతల నాటినించీ తెలుసే! కానీ జలుబు చేసినా ఉన్నదున్నట్టు రాసేదానివి కదే! నమ్మాను కదే!"

గట్టుమీద ఎర్రమ్మ, నూకరాజు ఒకటే నవ్వు.

"అన్నా, కంగారెందుకు?" అంది సింగారి గట్టున రాలిపడిన తాటిమట్ట మీద వాలి. "నీకు కుందేలుంది, మల్లె ఉంది, లేడికూన ఉంది, చదువుకున్న పాఠకుడున్నాడు. ఒక్క కేక వెయ్యి, నలుగురూ తలో చెయ్యి వేస్తారు."

"వాళ్ళు నీళ్ళలో... బురదలో పోయారే," అన్నాడు గవరయ్య గుటకేస్తూ.

"పాపం, ఒక్క మునకలో నలుగురికీ కైలాసమే!" అన్నాడు నూకరాజు.

అప్పుడు సింగారి గొంతెత్తి అరిచింది. ఆ అరుపుకి పొదల్లోంచి ఒక దుప్పి, నిజం కుందేళ్ళు రెండు తొంగిచూశాయి. "ఇదిగో, నక్కొస్తే నేనిలా అరుస్తాను," అంది సింగారి. మళ్ళీ అరిచి చూపించింది. "గద్దకైతే ఇలా. అప్పుడు పెద్దవాళ్ళు పరిగెత్తక్కర్లేదు, కూనల్ని కడుపు కింద దాచుకుంటే చాలు."

"మరి పాముకో?" అంది దుప్పి ముందుకొచ్చి.

"పాముకి పొట్టి పొట్టిగా అరుస్తాను. రాసి పెడతాను వదినా, నెమలి పింఛం తీసేసి, అక్షరాలు కనపడేలా."

"రాయి, మా మందకంతా చదివి వినిపిస్తాను," అంది దుప్పి. సింగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. అడిగినవాళ్ళ ముందు అడిగింది చెప్పడంలో అంత సుఖముందని ఆ పిట్టకి అప్పటిదాకా తెలీదు.

గవరయ్య గడ్డందాకా దిగాడు. "నా సంగతేమిటమ్మా!"

ఎంత దుర్మార్గుడైనా ప్రాణం దేవుడిదే కదా. ఎర్రమ్మ గుంటలోకి దిగి, వాడి మెడ కింద కొమ్ము పెట్టి గట్టుమీదికి విసిరింది. విసురులో తోకమీద కాలు కూడా వేసింది. నక్కతోక తొక్కితే అదృష్టమంటారు. ఎర్రమ్మ నెమ్మదిగా, బరువుగా, మూడుసార్లు తొక్కింది.

గవరయ్య లేచి నడిచాడు. ఎండకి ఒంటిమీది బురద ఆరి కుండలా బిగుసుకుంది. కాలు వంగదు, మెడ తిరగదు, తోక కర్రలా నిక్కింది. అసలు కుందేళ్ళు రెండూ వెనకాలే గంతులేస్తూ, "కదలకండి అన్నా! అక్కడే ఉండండి అన్నా!" అంటుంటే, పొదదాకా కొయ్యబొమ్మలా పోయాడు.

నీతి: పొగడ్త కోసం రాసినవాడికి నక్కలు దొరుకుతాయి, పదిమందికి పనికొచ్చేది రాసినవాడికి పాఠకులు దొరుకుతారు.