మూడు వేళ్ళ గుడ్డ

డాక్టర్ భూషణం గారిని ప్రశ్న అడిగినవాళ్ళకు ఆ రోజే జవాబు దొరకడం అరుదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, మళ్ళీ పెట్టుకుంటారు, "చూద్దాం" అంటారు. ముప్పై ఏళ్ళుగా పిల్లల వెన్నెముకలు సరిచేస్తున్న మనిషికి పెద్దవాళ్ళను సరిచేసే ఓపిక మిగల్లేదని నర్సులు చెప్పుకుంటారు. ఆయన దగ్గర ఆపరేషన్లు నేర్చుకుంటున్న వినీల మాత్రం అడగడం మానలేదు. ఆమెకు చదువు ఎంత ఉందో, ప్రశ్నలు అంతకు రెండింతలు ఉన్నాయి.

ఆ సోమవారం ఉదయం ఆమె కొంచెం కోపంగానే అడిగింది. "సార్, ఎముక తిన్నగా వచ్చేసింది. ఎక్స్‌రే తీశాం, కొలిచాం. ఇక మన పని ఏం మిగిలింది?"

ఆ కోపానికి కారణం పదకొండో మంచం. దాని మీది పిల్ల సన్యాసమ్మ. పద్నాలుగేళ్ళది, విజయనగరం అవతల పల్లె. వెన్నెముక వచ్చి కటి మీద కూర్చునే చోట ఒక పూస పుట్టుకతోనే సగం తయారై ఆగిపోయింది. పిల్ల ఎదిగినకొద్దీ ఎడమ తుంటి పైకి లేచి, నడక ఒక పక్కకు ఊగేది. భూషణం గారు ఆ సగం పూస తీసేసి, మరలూ కడ్డీలూ బిగించి, కటిని సమం చేశారు. ఏడు గంటల పని. వినీల ఏడు గంటలూ పక్కనే నిలబడింది. ఆ సంగతి క్యాంటీన్ కుర్రాడితో సహా అందరికీ చెప్పింది కూడా.

నాలుగో రోజున పిల్లను లేపారు. తల్లి పైడమ్మ ఊరి నుంచి తెప్పించిన కొత్త లంగా కట్టింది. సన్యాసమ్మ రెండడుగులు వేసి, పక్కకు పడిపోతున్నానంది. స్టీలు బీరువా తలుపులో తనను చూసుకుంది. లంగా అంచు ఎడమవైపు నేలమీద ఈడుస్తోంది, కుడివైపు పాదం పైనే ఆగింది.

"మళ్ళీ వంకరైపోనాను," అని మంచం ఎక్కింది. అంతే, రెండు రోజులుగా కాలు కింద పెట్టలేదు. నడవకపోతే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుందని చెప్పారు. కాళ్ళలో నెత్తురు గడ్డకడుతుందని చెప్పారు. వార్డులో ఉన్న పదహారు మంచాల వాళ్ళూ తలో సలహా ఇచ్చారు. వాళ్ళలో సగం మందికి తమ రోగమేమిటో ఇంకా తేలలేదు. వినీల ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి, స్కేలు పెట్టి, కోణం లెక్క చెప్పింది.

పిల్ల ఓపిగ్గా చూసింది. "ఆ పటంలో ఉన్నది ఎవులో డాట్రమ్మా. లంగా మాత్రం నాదే," అంది.

భూషణం గారు ఆ మాట విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "లంగా ఎవరు కుట్టారమ్మా?" అని పైడమ్మను అడిగారు. ఆయన ఒక ఫోను చేయించారు. వినీల ప్రశ్నకు మాత్రం, "చూద్దాం."

మర్నాడు పొద్దున్నే దర్జీ అప్పలనరసయ్య చంకలో సంచితో దిగాడు. డెబ్బై ఏళ్ళు. టేపు పట్టడం ఆయనకు నామోషీ. ఊరందరి కొలతలూ చేతివేళ్ళలోనే ఉంటాయి. రవిక బిగుతైతే ఆడవాళ్ళు ఆయన్నే తిడతారు గానీ ఒళ్ళు చేశామని ఒక్కరూ ఒప్పుకోరు. అలాంటివాడు పదకొండో మంచం దగ్గర సంచి దించి తల వంచుకున్నాడు.

"సన్నాసమ్మా, ఒక్కపాలి లెగవే," అన్నాడు. "వంకర నీది కాదు, నా కత్తెరది."

పిల్ల కదల్లేదు.

"నువ్వు బడికెళ్ళిన ఏడు నీ లంగా అంచు చూసి పిల్లలు నవ్వినారు. అప్పుట్నుంచీ ఎడమేపు మూడు వేళ్ళ గుడ్డ ఎక్కువెట్టి కుడతన్నాను. ఇదీ అలాగే కుట్టీసినాను. సేతికి అదే అలవాటు."

పైడమ్మ నోరు తెరుచుకుంది. తొమ్మిదేళ్ళుగా "మా పిల్లకి అప్పలనరసయ్య కుడితేనే అంచు సమంగా వస్తాది" అని బావి దగ్గర గొప్పలు పోయింది ఆవిడే.

సన్యాసమ్మ ముఖం ఎర్రబడింది. "నన్నడక్కుండానా?"

"అడిగితే నీకు తెలిసిపోదా మరి?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. మంచం కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి లేచింది. ముసలాయన నేల మీద గొంతుక్కూర్చుని అంచు చేతిలోకి తీసుకున్నాడు. ఎడమవైపు వేళ్ళు ఆనించాడు, కుడివైపు ఆనించాడు, మళ్ళీ ఎడమవైపు.

"సంచిలో టేపుంది, తియ్యవే పైడమ్మా," అన్నాడు. "దీనికి సమంగా కుట్టడం నాకు సేత కాదు."

"పడిపోతన్నట్టుంది తాతా," అంది పిల్ల.

"నాకూ అలాగే ఉంది. నిలబడు."

ఆయన కత్తెర మొనతో పాత కుట్టు ఒక్కొక్క పోగే తెంపుతున్నాడు. పిల్ల కమ్మీ మీంచి ఒక చెయ్యి తీసేసింది. వినీల పట్టుకోవడానికి గబుక్కున ముందుకు కదిలింది.

భూషణం గారు ఆమె మోచేయి పట్టి ఆపారు.

"ఇప్పుడు కత్తెర ఆయన చేతిలో ఉందమ్మా. మనం కాస్త పక్కన నిలబడదాం."