గట్టు మీద వరస

ఎవరైనా ప్రశ్న అడిగితే పంతులమ్మగారు చెప్పులు వేసుకునేవారు. కూర్చుని జవాబు చెప్పగా మేమెవరమూ వినలేదు. "పదండి, నడుద్దాం" అనేవారు, అంతే. నడుస్తూంటే ఏ గేదో అడ్డం వచ్చేది, ఎవరో ఎవర్నో కేకేసేవారు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూంటే జవాబు దొరికినట్టుండేది. దొరకని రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు. యాభై దాటిన ఆడవాళ్ళం ఎనిమిది మందిమి ఆవిడ దగ్గర పలకాబలపం పట్టాం. అక్షరాలు వచ్చాక ఆవిడ మమ్మల్ని వదిలిపెట్టలేదు, పొద్దున్నే కాలవగట్టు మీద తిప్పడం మొదలెట్టారు. మమ్మల్ని చూసి ఇంకొందరు కలిశారు. మగవాళ్ళూ వచ్చారు. పోస్టాఫీసులో చేసి దిగిన గవర్రాజుగారు రావడంతోటే దానికొక పేరూ, ఒక కార్యదర్శీ వచ్చాయి. పేరు కాలవగట్టు నడక సంఘం, కార్యదర్శి ఆయనే.

సంఘానికి పదేళ్ళు నిండిన మాఘమాసం అది. ఊరవతల కొబ్బరితోటలో భోజనాలనీ, అందాకా అందరం నడిచి వెళ్ళాలనీ అనుకున్నాం. దానికి వారం ముందు, లాకుల దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నప్పుడు మంగతాయారు పంతులమ్మగార్ని అడిగింది. "ఆరేళ్ళు మాట్లాడని మనిషితో మళ్ళీ మాట ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండీ? తప్పయిపోయిందనా, తప్పు నాది కాదనా?"

ఆ మనిషి ఎవరో మాకు తెలుసు. మంగతాయారు తోడికోడలు సూరాయమ్మ. ఒకే ఇల్లు, మధ్యలో గోడ. అటు పెద్దకోడలు సూరాయమ్మ, ఇటు చిన్నకోడలు మంగతాయారు. అత్తగారు చిన్నకోడలి దగ్గర ఉండేవారు. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున్న ఆవిడకి ఊపిరి అందలేదు. డాక్టరు కోసం ఒకరు, తులసాకుల కోసం ఒకరు పరిగెడుతుంటే మంగతాయారు అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోడ అవతలికి మాత్రం ఎవరూ కబురు మొయ్యలేదు. ఏడుపులు విని సూరాయమ్మ పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. కాపరానికొచ్చిన నాటి నించీ తనని కూతురిలా చూసుకున్న మనిషి నోట్లో చుక్క నీళ్ళు పొయ్యలేకపోయానని ఆవిడ గోడకి తల బాదుకుంది. "చెప్పాననుకున్నాను అక్కా" అంది మంగతాయారు. "గోడ అవతలికి ఒక్క కేక వెయ్యడానికి అనుకోవడమేమిటే?" అంది సూరాయమ్మ. ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. సంఘంలో ఇద్దరూ నడిచేవారు. సూరాయమ్మ ముందు, మంగతాయారు చివర. ఆరేళ్ళ నించి ఈవిడకి ఆవిడ వీపే తెలుసు.

ఇప్పుడా వీపు కూడా కనబడకుండా పోయే రోజు వచ్చింది. ఆదివారం వేడుక అయ్యాక, వచ్చే శుక్రవారం సూరాయమ్మ విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇంక అక్కడే ఉంటుంది. సామాన్లు కట్టేసింది. గోడ అవతల పెట్టెలు జరుపుతున్న చప్పుడు వింటూ మంగతాయారు నాలుగు రోజులుగా అన్నం సరిగా తినలేదు. ఆ మాట కూడా చెప్పి, "ఇలాగే వెళ్ళిపోతే నేను బతకలేనండీ" అని కళ్ళు తుడుచుకుంది.

పంతులమ్మగారు విన్నారు. కాళ్ళతో చెప్పులు వెతుక్కుని లేచారు. అవతల నిలబడ్డ గవర్రాజుగారితో, "ఆదివారం తారురోడ్డు వద్దు. పొలాలకి అడ్డంపడి వెళదాం" అన్నారు.

"గట్లకి ఇప్పుడే బురద మెత్తారండీ, జారతాయి. అసలు వంటసామానుతో పాటు పెద్దవాళ్ళని వ్యానులో ఎక్కించేద్దామని..."

"నడక సంఘం వ్యానెక్కి వెళితే దాన్నేమంటారు గవర్రాజుగారూ?"

వ్యానులో చివరికి వంటసామానే వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. గవర్రాజుగారు సంఘం పేరు అచ్చువేయించిన తెల్లటోపీలు తెచ్చి పంచారు. మగవాళ్ళకి బాగానే కుదిరాయి. మా కొప్పుల మీద నిలబడితేగా? "ఈ ఒక్కరోజుకీ కొప్పు విప్పి జడేసుకోండమ్మా" అన్నారాయన. "జడలేసుకుంటే పెళ్ళిచూపులనుకుంటారు. అప్పుడు పీట మీద మీరే కూర్చోవాలి" అంది సూరాయమ్మ. అందరం పడీపడీ నవ్వాం. మంగతాయారు కూడా నవ్వేసి, ఎవరి మాటకి నవ్విందో గుర్తొచ్చి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో పంట దాళ్వా ఊడుపులు అయి పదిరోజులై ఉంటుంది. ఎటు చూసినా నీళ్ళూ, నీళ్ళలో లేత పచ్చదనమూ. ఇప్పుడు ఆ పొలాల్లో సగం రొయ్యల చెరువులైపోయాయి గానీ, ఆ పూట అవి చూస్తూంటే నాకు పావడాలు కట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. గట్టు మొదట్లో పంతులమ్మగారు ఆగారు. ఆవిడ కంటికి శుక్లం తీసి అప్పటికి నెల కాలేదు, నల్లద్దాలు పెట్టుకున్నారు.

"నాకు కింద చూపు ఆనదు, చివర్న నడుస్తాను. ముందువాళ్ళకి ఏది కనబడినా చెప్పాలి. విన్నవాళ్ళు వెనక్కి అందించాలి. చిన్నప్పుడు ఊడుపులకి అన్నాలు పట్టుకెళ్ళేవాళ్ళం చూడండి, అలాగ."

ఆ నడక నాకు బాగా తెలుసు. మా అమ్మ నెత్తిన అన్నం గంప, వెనక పెద్దమ్మ నెత్తిన పులుసు తపేలా, ఆ వెనక మజ్జిగ కుండతో ఇంకొకరు. బరువు నెత్తిన ఉన్నవాళ్ళకి కిందికి చూడ్డానికి ఉండదు. అందుకని ముందొకర్ని ఉత్త చేతులతో నడిపించేవారు. ఆ మనిషి "ముల్లు" అంటే, వెనకామె "ముల్లు" అనేది, ఆ వెనకామె "ముల్లు" అనేది. ఒక్క ముల్లు నలుగురి నోళ్ళలోంచి పోయి, ఎవరి కాల్లోనూ దిగేది కాదు. తల్చుకుంటే ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

"ఈ దారి ఎవరికి తెలుసు?" అన్నారు పంతులమ్మగారు.

"మా పుట్టింటివాళ్ళ పొలం ఇటేనండీ" అంది సూరాయమ్మ.

"అయితే నువ్వు ముందు. నీ వెనక తాయారు."

సూరాయమ్మ మొహం ముడుచుకుంది. "ఆవిడెందుకండీ నా వెనక?"

"పొట్టి మనిషి. వెనకవాళ్ళకి దారి అడ్డం రాదు."

దాని మీద ఎవరేం అంటారు? నన్ను మూడోదాన్ని చేశారు. నా వెనక గవర్రాజుగారు, ఆ వెనక పదిహేను మంది, అందరికన్నా చివర పంతులమ్మగారు. ఒక్క పాదం పట్టే గట్టు మీద బయల్దేరాం. "పీత బొరియ!" అని కేకేసింది సూరాయమ్మ, వెనక్కి తిరగలేదు, పొలంలో కొంగలకి చెబుతున్నట్టు చెప్పింది. మంగతాయారు నా వైపు తిరిగి "పీత బొరియండీ" అంది. నేను వెనక్కి అందించాను. ఆ మాట వరసంతా పోయి, కాసేపటికి చివర్నించి పంతులమ్మగారి "ఊఁ" వినబడింది. తరవాత తుమ్మకంప, తరవాత జారుడు బురద. అన్నీ కొంగలకే. మంగతాయారు మాత్రం ప్రతి మాటా చెవొగ్గి తీసుకుంది. ఆరేళ్ళ తరవాత ఆ గొంతు అంత దగ్గర్లో వినడం కదా.

సగం దూరంలో ఎడమవైపు ఒక పాత ఇంజను షెడ్డు ఉంది. గోడలున్నాయి, కప్పు లేదు. సూరాయమ్మ తండ్రి కౌలుకి చేసిన చేను అదే. ఆవిడ నడక నెమ్మదించింది. తల అటు తిరిగిపోయింది. సరిగ్గా అక్కడే, పై మడిలో నీళ్ళు కింది మడిలోకి వదలడానికి గట్టుకి గండి కొట్టి ఉంది. చిన్నప్పటి కాళ్ళు కదా, ఆవిడ షెడ్డుని చూస్తూనే గండిని దాటేసింది. నోటి వెంట మాట రాలేదు. మాట వస్తుందని నమ్ముకుని నడుస్తున్న మంగతాయారు కాలు నేరుగా గండిలోకి వెళ్ళిపోయింది. తొడల్లోతు బురదలో కూలబడింది. టోపీ నీళ్ళ మీద తేలుతూ పోయింది.

అందరం "అయ్యో" అన్నాం. మంగతాయారు తోడికోడలి వైపు చూడలేదు. బురదలోంచే మా వైపు తిరిగి, "గండండీ! ఆగండి, గండి ఉంది! పంతులమ్మగారికి అందించండి!" అని అరిచింది. మాట వెనక్కి వెళ్ళింది. చివర్నించి "ఊఁ" వచ్చింది.

అప్పుడు సూరాయమ్మ వెనక్కి తిరిగింది. "నేను చెప్పలేదూ?" అంది. గండి వైపు చూసి, "చెప్పాననుకున్నానే..." అంది.

అని, చెయ్యి నోటి మీదికి పోనిచ్చి, అలాగే నిలబడిపోయింది. ఆ మాట అంతకుముందు ఎవరు అన్నారో, ఎవరు నమ్మలేదో ఆ గట్టు మీద తెలియనివాళ్ళు లేరు. మంగతాయారు ఆ క్షణాన ఏమైనా అనవచ్చు. ఏం అన్నా ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ మొహం మీది బురద తుడుచుకుని, సూరాయమ్మ ఇందాకటి నించి చూస్తున్న వైపు తనూ చూసింది.

"షెడ్డు కప్పు పోయింది కదక్కా" అంది.

సూరాయమ్మ చెయ్యి నోటి మీంచి తీసింది. "మా నాన్న వేసిన తాటాకే. ఇన్నాళ్ళుంటుందా" అంది. తరవాత గట్టు మీద గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపింది. "ఇలా ఇవ్వు. రెండూ ఇవ్వవే. అమ్మో, పదేళ్ళు నడిచి నువ్వు తగ్గింది ఇదా?"

"లాగక్కా, ముందు లాగు. తరవాత తిడుదువుగాని."

తోటలో బోరు కింద నిలబెట్టి మంగతాయారు చీర కుచ్చిళ్ళు సూరాయమ్మే కడిగింది. పులిహోర, పనసపొట్టు కూర, ముక్కల పులుసు, బూరెలు. గవర్రాజుగారు పదేళ్ళ గురించి మాట్లాడబోతే, బూరెలు చల్లారిపోతాయని అందరూ ఆయన్ని కూర్చోబెట్టేశారు. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్క ఆకుల్లో కూర్చున్నారు. అత్తగారి మాట ఎత్తారో లేదో నాకు తెలియదు. నా చెవిన పడినవి రెండే ముక్కలు. "శుక్రవారం బండి పదింటికి" అంది సూరాయమ్మ. "ఆటోకి నేను చెబుతాలే. స్టేషను దాకా వస్తాను" అంది మంగతాయారు. ఆ తరవాత పులిహోరలో ఇంగువ ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకున్నారు, అది మాత్రం తోటంతా వినబడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ తిరిగింది. మంగతాయారు పంతులమ్మగారి చెయ్యి పట్టుకుని రోడ్డు వారగా నడుస్తోంది. రెండో పక్కన నేనున్నాను. నడుస్తూనే అడిగింది. "నిజం చెప్పండి పంతులమ్మగారూ. అక్కడ గండి ఉందని మీకు ముందే తెలుసా?"

ఆవిడ నల్లద్దాలు తీసి, పైటచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"గండి సంగతి నాకు తెలీదమ్మా. గట్టు సన్నమని తెలుసు."