మరకతానికి కట్టిన ఇల్లు

చిలకలూరిపేటలో దీపాలు కట్టడంలో బాజీని మించినవాడు లేడు కాని, ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "నాకు తెలుసులే" అని లేచిపోయే అలవాటు అతనికి ఉండేది.

శివరాత్రికి బండ్ల మీద నిలబెట్టి కోటప్పకొండ తీసుకెళ్లే ప్రభలకు అతనే దీపాలు కట్టేవాడు. తాటిచెట్టంత ఎత్తు ప్రభ మీద నెమళ్లు పురి విప్పేవి, చక్రాలు గిరగిరా తిరిగేవి. జనం మెడలు నొప్పి పుట్టేదాకా తలలెత్తి చూసేవారు. అంత పనితనం ఉన్నవాడికి ఇంకొకరి మాట వినాల్సిన అవసరం ఏముంటుందని బాజీ అనుకునేవాడు. మనసు మాత్రం మంచిది. అడిగినవాళ్లకు కాదనేవాడు కాదు.

అదే వీధిలో హైమవతి అనే లెక్చరరు ఉండేవారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. బాజీ కూతురికి నాలుగేళ్లు సాయంత్రాలు కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది ఆవిడే. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సు చదువు చదువుతోంది. అందుకని హైమవతి గారంటే బాజీకీ, అతని భార్య మీరాబీకీ ఎంతో గౌరవం.

హైమవతి గారి దగ్గర ఒక ఊసరవెల్లి ఉండేది. మన తోటల్లో తిరిగే ఊసరవెల్లిని పట్టి పెంచడం నేరం. ఇది అలాంటిది కాదు, వేరే దేశపు జాతిది. ఎవరో కొనుక్కుని, పెంచలేక, పశువుల డాక్టరు ప్రసూన దగ్గర వదిలేశారు. ప్రసూన ఒకప్పుడు హైమవతి గారి శిష్యురాలు. కాగితాలన్నీ సరిచేయించి దాన్ని ఆవిడ చేతిలో పెట్టింది. నెత్తిన కిరీటంలాంటి తోలు, ఒళ్లంతా లేతాకు పచ్చ. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను వెనక్కి తిరిగేది. అడుగు వేసే ముందు గాలికి ఊగే ఆకులా ఊగేది. ఆవిడ దానికి మరకతం అని పేరు పెట్టుకున్నారు.

జనవరిలో ఒక ఉదయం ఆవిడ బాజీని పిలిపించారు. అప్పటికే పెట్టె సర్ది ఉంది.

"బాజీ, నా కంటికి ఆపరేషను. హైదరాబాదులో మా చెల్లెలి దగ్గర మూడు వారాలు ఉండాలి. మరకతాన్ని మీ ఇంట్లో ఉంచి వెళ్తాను. రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి దాన్ని."

"అదెంత పని మేడం! మా మీరా ఎప్పుడూ ఇంటిపట్టునే ఉంటది."

"ఈ గూడు గోడకు బిగించి ఉంది. పీకితే విరిగిపోతుంది. నువ్వే ఇలాంటిది ఒకటి కట్టాలి. చూడు, నాలుగు వైపులా జాలీ. బల్బు గూటికి బయట, పైన ఉంది. ఎందుకంటే దీనికి..."

"వెలుతురూ వేడీ కావాలి, అంతేగా! నాకు తెలుసులే మేడం. దీపాల సంగతి నాకు చెప్పాలా?"

"అది కాదయ్యా. నీళ్లు కూడా, గిన్నెలో..."

"గిన్నె నిండా పోస్తాను. మీరు బెంగ పెట్టుకోబాకండి."

"పోనీ కాగితం మీద రాసిస్తాను, ఉండు."

"ఎందుకు మేడం, గుంటూరులో రైలుకు టైమవుతోంది."

బయట ఆటో వచ్చి ఆగింది. ఆవిడ అతని చేతికి ఒక ప్రత్యేకమైన ట్యూబులైటు, మేత పురుగుల డబ్బా, డాక్టరు ప్రసూన ఫోను నంబరు ఇచ్చారు. మరకతాన్ని ఒకసారి వేలిమీద ఎక్కించుకుని చూసుకున్నారు. తర్వాత రైలుకు వెళ్లిపోయారు.

బాజీకి ఆ జాలీ గూడు కోళ్ల గూడులా కనిపించింది. 'మేడం మనకు ఇంత చేసింది. ఆవిడ ప్రాణంగా చూసుకునేదాన్ని కోళ్ల గూట్లో పెడతానా?' అనుకున్నాడు. మూసేసిన మిఠాయి కొట్టులో ఒక పాత అద్దాల బీరువా ఉంటే అడిగి తెచ్చాడు. అద్దాలు తళతళా తుడిచాడు. లోపల అంచుల వెంట ఏడు రంగుల దీపాల తీగలు చుట్టాడు. ప్లాస్టిక్ పూలతీగలు వేలాడదీశాడు. చలికాలం కదా అని పెద్ద బల్బు ఒకటి లోపలే, కొమ్మకు దగ్గరగా బిగించాడు. కింద ఇత్తడి గిన్నెలో నీళ్లు పోశాడు. హైమవతి గారు ఇచ్చిన ట్యూబులైటును మాత్రం వెలిగించి చూసి, "ఇదేం గుడ్డి దీపం" అని అటక మీద పడేశాడు.

సాయంత్రానికల్లా వీధి వీధంతా వాళ్ల వాకిట్లో ఉంది. రంగులు ఒకటి పోయి ఒకటి వెలుగుతుంటే మధ్యలో ఊసరవెల్లి కూర్చుంది. కాసేపటికి దాని పచ్చదనం తగ్గి ముదురు గోధుమ రంగు వచ్చింది. పైన నల్లటి చారలు పడ్డాయి. అది అద్దం వైపు తిరిగి నోరు తెరిచి బుస్సుమంది.

"రంగులు మారుస్తోందిరోయ్!" అని జనం చప్పట్లు కొట్టారు.

"కొత్త ఇల్లు చూసి మురిసిపోతోంది" అన్నాడు బాజీ.

మీరాబీ మాత్రం దగ్గరికెళ్లి వంగి చూసింది. "మురిసేది అట్టా నోరు తెరుస్తదా? అద్దంలో దాని నీడను చూసి ఇంకోటేదో మీదికొస్తోందని భయపడుతోందేమోనయ్యా."

"నాకు తెలుసులే. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుద్ది."

నాలుగు రోజులు పోయాయి. మరకతం మేత ముట్టలేదు. గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. పగటిపూట కూడా కళ్లు మూసుకుని కూర్చునేది. దీపాలు ఆర్పితే చీకట్లో భయపడుతుందని బాజీ వాటిని రాత్రంతా వెలిగించే ఉంచేవాడు. "దాన్ని నిద్రన్నా పోనియ్యి" అని మీరాబీ రెండుసార్లు అంది. బాజీ వినిపించుకోలేదు.

ఆరో రోజు ఉదయం మీరాబీ కేక వేసింది. బాజీ పరుగెత్తుకు వచ్చాడు. మరకతం బల్బు కింద కొమ్మను కరుచుకుని ఉంది. వీపు మీద రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లగా కాలి, అంచులు లేచాయి. కళ్లు గుంటలు పడి లోపలికి పోయాయి. బాజీ వేలు దగ్గర పెడితే అది బుసకొట్టను కూడా లేదు.

"ఇంత కాలుతుంటే పక్కకు జరగలేదేంది ఇది!" అన్నాడు బాజీ.

అతనికి మొదట తోచింది డాక్టరు కాదు. డాక్టరు ప్రసూనకు తెలిస్తే మేడంకీ తెలుస్తుంది. ఇంట్లో ఉన్న కాలిన గాయాల మందే రాసి చూద్దామా అనుకున్నాడు. అలమర దాకా వెళ్లి ఆగిపోయాడు. తెలియని ప్రాణికి తెలియని మందు! ఇప్పటికి చేసింది చాలు అనిపించింది. ఒక బుట్టలో కొమ్మ పెట్టి, దాని మీద మరకతాన్ని ఎక్కించి, పైన పల్చటి గుడ్డ కప్పి, ఇద్దరూ గుంటూరులో ప్రసూన ఆసుపత్రికి వెళ్లారు.

ప్రసూన గాయం కడిగి మందు పూసింది. సన్నటి సిరంజితో నోట్లో చుక్కచుక్కగా నీళ్లు వేసింది.

"పైనుంచి వీపు మీద పడే వేడి దీనికి వెంటనే తెలియదు. వెచ్చగా ఉందని కూర్చుంటుంది. చర్మం కాలుతున్నా అలాగే కూర్చుంటుంది. అందుకే బల్బు గూటి లోపల పెట్టకూడదు. మరి ఇది వారం నుంచి నీళ్లు తాగినట్టు లేదే?"

"గిన్నె నిండా పోశాను డాక్టరమ్మా!"

"ఇది గిన్నెలో నీళ్లు తాగదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాలుకతో అందుకుంటుంది. హైమవతి గారు మీకు చెప్పలేదా?"

బాజీ తల దించుకున్నాడు.

"చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు" అన్నాడు.

ప్రసూన మరకతాన్ని మళ్లీ బుట్టలో పెట్టింది. "రెండు మూడు రోజులు గడిస్తే గాని బతుకుతుందని చెప్పలేను. గూడు సరిగా లేకపోతే ఎంత మందు పూసినా లాభం లేదు. మేడంకి నేను ఫోను చెయ్యనా?" అని అడిగింది.

"వద్దమ్మా. నేనే చేస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు మీరాబీ మెల్లగా అంది: "ఆవిడకు మొన్ననేగా ఆపరేషనయింది. ఏడిస్తే కంటికి మంచిది కాదంటారు. వచ్చాక చెబుదామా?"

బాజీ ఒళ్లో ఉన్న బుట్టను రెండు చేతులా పట్టుకున్నాడు. "వచ్చాక చెబితే మనకు సులువు మీరా. ఇప్పుడు చెబితే దీనికి మేలు. దీని అలవాట్లు ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఇంటికి రాగానే ఫోను చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. మిఠాయి కొట్టు బీరువా సంగతి, జనం చప్పట్ల సంగతి కూడా దాచలేదు.

"బతికుందా?" అని అడిగారు హైమవతి గారు.

"ఉంది మేడం."

"కాగితం, పెన్సిలు తెచ్చుకో."

బల్బులు వచ్చిన అట్టపెట్టె ఒకటి చించి దాని మీద రాసుకున్నాడు బాజీ. ఆవిడ ఆగి ఆగి చెప్పారు. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అర్థం కానిచోట మాత్రం "ఆ మాట ఇంకోసారి చెప్పండి మేడం" అన్నాడు. అలా అడగడం అతని జీవితంలో అదే మొదటిసారి కావచ్చు. పక్కన కూర్చున్న మీరాబీ ఆశ్చర్యంగా చూసింది.

ఆ పూటే పని మొదలుపెట్టాడు. చెక్క చట్రానికి తుప్పు పట్టని జాలీ కొట్టాడు. అన్ని వైపులనుంచీ గాలి ఆడేటట్టు చూశాడు. ప్లాస్టిక్ పూలు తీసేసి, మీరాబీ పెంచుకున్న మందార కుండీని గూట్లో దించాడు. మరకతం గుప్పిట్లో ఇమిడేంత లావు కొమ్మలు ఏరి, అడ్డంగా, ఎగుడు దిగుడుగా కట్టాడు. బల్బును రేకు డొప్పలో బిగించి గూటికి బయట, పై జాలీకి ఎగువన వేలాడదీశాడు. తర్వాత తన చెయ్యి ఆ పై కొమ్మ మీద ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. చుర్రుమంటే బల్బును ఇంకొంచెం పైకి జరిపాడు. మళ్లీ చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉందనిపించాక, కొమ్మకు థర్మామీటరు కట్టి, మేడం చెప్పిన అంకె వచ్చిందో లేదో కూడా చూసుకున్నాడు. వేడి వద్దనిపిస్తే దిగి వెళ్లడానికి కింద ఆకుల్లో చల్లటి నీడ ఉంచాడు.

అటక మీది ట్యూబులైటు దించాడు. ఎండలో ఉండే మేలు ఆ వెలుగులో ఉంటుందట. అది లేకపోతే దాని ఎముకలు మెత్తబడతాయట. అద్దం అడ్డొస్తే ఆ మేలు లోపలికి దిగదట. అందుకని దాన్ని కూడా జాలీ మీదే బిగించాడు. తీగలన్నీ గూటికి బయటే పోనిచ్చి, నీళ్లు తగలని వైపు మళ్లించాడు. పొద్దున ఏడింటికి దీపాలు వాటంతటవే వెలిగి, సాయంత్రం ఏడింటికి ఆరిపోయేటట్టు ప్రభలకు వాడే టైమరు పెట్టాడు. మందుల షాపులో సెలైను గొట్టం తెచ్చి, శుభ్రమైన సీసాకు తగిలించి, మందారాకుల మీద చుక్క చుక్కగా నీళ్లు పడే ఏర్పాటు చేశాడు. చివరికి గూటిని వాకిట్లోంచి తీసి, ఎవరూ తిరగని గది మూలలో, మనిషి తల ఎత్తున బల్ల మీద పెట్టాడు. ఎత్తున ఉంటే దానికి ధైర్యమని మేడం చెప్పారు.

మరునాడు పక్కింటి ఆయన వచ్చి, "ఏందయ్యా బాజీ, దీపాలన్నీ పీకేశావు? చూడముచ్చటగా ఉండేదిగా!" అన్నాడు.

"ఆ బీరువా మనం చూడ్డానికి కట్టింది. ఇది మరకతం ఉండటానికి కట్టింది" అన్నాడు బాజీ. ఆయన్ను గది గుమ్మం దాటనివ్వలేదు.

రెండు రోజులు మరకతం కదల్లేదు. బాజీకి అన్నం సహించలేదు. ఏ పని మీద బయటికి వెళ్లినా మధ్యలో ఫోను చేసి, "ఎట్టా ఉంది?" అని అడిగేవాడు. "అట్టాగే ఉంది" అనేది మీరాబీ. డాక్టరు చెప్పినట్టు పొద్దునా సాయంత్రం మందు పూసేవారు.

మూడో రోజు మధ్యాహ్నం మీరాబీ సైగ చేసి పిలిచింది. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా గుమ్మం దగ్గరే కింద కూర్చున్నారు. మందారాకు కొసన ఒక నీటి చుక్క వేలాడుతోంది. మరకతం ఒక కన్ను దాని వైపు తిప్పింది. ఊగుతూ ఊగుతూ ఒక అడుగు వేసింది. నోరు తెరిచి ఆ చుక్కను అందుకుంది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి.

బాజీ కళ్లు తుడుచుకున్నాడు. మీరాబీ అతని వైపు చూడనట్టే ఊరుకుంది.

వారానికి మేత తింది. పది రోజులకు చారలు పోయి మెల్లగా పచ్చదనం వచ్చింది. వీపు మీద మాత్రం మచ్చ మిగిలింది.

నెల తిరిగేలోపు హైమవతి గారు నల్ల కళ్లద్దాలతో వచ్చారు. గూటి ముందు చాలాసేపు నిలబడి చూశారు. బాజీ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

"ఆ మచ్చ పోదంట మేడం" అన్నాడు.

"పోదు" అన్నారు ఆవిడ. "నీకు పూర్తిగా చెప్పకుండా రైలెక్కిన తప్పు నాది కూడా. నువ్వు 'తెలుసులే' అంటే సరేనని ఊరుకున్నాను. కాని బాజీ, నేను ఊళ్లో లేనని తెలిసి కూడా నువ్వు దాచలేదు. అందుకే ఇది బతికింది."

ఆవిడ జాలీని చేత్తో తడిమి చూశారు. బల్బు ఎత్తు చూశారు. "ఇది నా గూటి కంటే బాగుంది. నా కళ్లు కుదుటపడేదాకా ఇంకో నెల ఇక్కడే ఉంచుకుంటావా?"

బాజీ ఆవిడకు కుర్చీ వేసి, తను ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఉంచుకుంటాను మేడం. ఇంకా చెప్పాల్సినవి ఉంటే అన్నీ చెప్పండి. మీరు ఆపేదాకా వింటాను."

చూశారుగా, బాజీకి ప్రేమ తక్కువై కాదు, వినడం తక్కువై ఒక ప్రాణం మీదికి వచ్చింది. మేలు చేయాలన్న మనసు ఒక్కటే చాలదు; ఎదుటి ప్రాణికి ఏది మేలో ముందు పూర్తిగా విని తెలుసుకుని, అప్పుడు చెయ్యి వెయ్యాలి.